స్టార్ ప్లేయర్ వెళ్లిపోకుండా ఆపగలరా? జడ్జ్ ఎందుకు ఉన్నాడు, సోటో ఎందుకు వెళ్లాడు

[స్క్రీన్ మీద: క్లీవ్‌లాండ్, 2024 అక్టోబర్ 19, పదో ఇన్నింగ్స్]

బేస్‌బాల్ మ్యాచ్, స్కోరు 2-2. ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, బ్యాటింగ్‌లో యాంకీస్ స్టార్ హ్వాన్ సోటో. బంతి తర్వాత బంతిని ఫౌల్ కొడుతూ పిచర్‌ని విసిగించి, ఏడో బంతిని సెంటర్ ఫీల్డ్ గోడ దాటించాడు. ఆ ఒక్క దెబ్బతో న్యూయార్క్ యాంకీస్ 15 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి వెళ్లింది. సరిగ్గా యాభై రోజులకు, డిసెంబర్ 8న, అదే సోటో అదే ఊళ్లో ఉన్న ఇంకో టీమ్‌కి, మెట్స్‌కి వెళ్లిపోతున్నాడని వార్త వచ్చింది. 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు. ఆటల చరిత్రలో అప్పటిదాకా అంత పెద్ద కాంట్రాక్ట్ లేదు.

యాంకీస్ పిసినారితనం చూపించి వదిలేసిందా అంటే, లేదు. వాళ్ల ఆఫర్ 16 ఏళ్లకు 76 కోట్లు. అంటే మొత్తం మీద తేడా 50 లక్షల డాలర్లే. ఇంత దగ్గరగా వచ్చి కూడా ఎందుకు ఆపలేకపోయారు? అసలు బేస్‌బాల్‌లో ఒక టీమ్ తన స్టార్‌ని ఆపుకోగలదా? ఈ వీడియో దాని గురించే.

న్యూజెర్సీలో, డాలస్‌లో ఉంటూ పిల్లలతో కలిసి ఈ ఆట చూడటం మొదలుపెట్టిన మనవాళ్లు చాలామంది దీన్ని ఐపీఎల్ లెక్కలో ఊహించుకుంటారు. అక్కడే మొదటి ఇబ్బంది. ఐపీఎల్‌లో రిటెన్షన్ ఉంది, సన్‌రైజర్స్ క్లాసెన్‌ని 23 కోట్ల రూపాయలకు వేలానికి వెళ్లకుండానే ఉంచుకుంది. వేలంలోకి వెళ్లినా ఆర్‌టీఎమ్ కార్డు ఉంటుంది (అవతలి టీమ్ చెప్పిన ధర ఇచ్చి పాత టీమ్ తన ఆటగాడిని తిరిగి తీసుకునే వీలు), పంత్ కోసం ఢిల్లీ ఆ కార్డు వాడింది కూడా, లక్నో 27 కోట్లకు పెంచేసరికి వెనక్కి తగ్గింది. బేస్‌బాల్‌లో ఆ కార్డు లేదు. ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ టీమ్‌తోనైనా సంతకం చేయగల స్వేచ్ఛ ఉన్నవాడు) అయ్యాడంటే పాత టీమ్‌కీ మిగతా 29 టీమ్‌లకీ మధ్య హక్కుల్లో తేడా ఏమీ ఉండదు. వరల్డ్ సిరీస్ అయ్యాక ఐదు రోజులు కొత్త టీమ్‌తో సంతకం చేయకూడదన్న రూల్ ఒకటుంది, అంతే.

[స్క్రీన్ మీద: ఆరేళ్లు]

ఆ రోజు దాకా మాత్రం పూర్తిగా టీమ్‌దే రాజ్యం. మేజర్ లీగ్‌లో, అంటే ఈ ఆట అత్యున్నత లీగ్‌లో అడుగుపెట్టిన ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేవరకు ఎక్కడికీ వెళ్లలేడు, టీమ్ కావాలనుకుంటే అతన్ని వేరే ఊరికి ట్రేడ్ చేయొచ్చు గానీ అతను తనంతట తాను పోలేడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే (2025లో అది ఏడాదికి 7.6 లక్షల డాలర్లు), ఆ తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే బేరం తెగకపోతే మధ్యవర్తులు జీతం తేలుస్తారు. ఆ ఆరేళ్లూ అయ్యాకే స్వేచ్ఛ. ఈ మాత్రం స్వేచ్ఛ కూడా ఊరికే రాలేదు. కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు 1969లో తనను ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేస్తే నేను వెళ్లను అని కోర్టుకెక్కాడు, 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు, ఆ కేసు నడుస్తుండగానే అతని కెరీర్ ముగిసింది. 1975లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల కేసులో పీటర్ సైట్జ్ అనే ఆర్బిట్రేటర్ ఆటగాళ్ల వైపు తీర్పిచ్చాకే తలుపు తెరుచుకుంది. కాబట్టి ఎవరైనా సోటోని డబ్బు మనిషి అంటే నాకు ఒప్పుకోవాలనిపించదు. ఆరేళ్లు టీమ్ చెప్పిన చోట ఆడినవాడు ఒక్కసారి తనకు నచ్చిన చోటు ఎంచుకుంటే అందులో తప్పేముంది?

ఇప్పుడు జడ్జ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే సోటో సంగతి అర్థం కావాలంటే ఇది తెలియాలి.

యాంకీస్ మరో స్టార్ ఆరన్ జడ్జ్‌ని ఆ టీమ్ 2013 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) తీసుకుంది. 2022 ఏప్రిల్‌లో, ఇంకో సీజన్ ఆడితే ఫ్రీ అవుతాడనగా, ఏడేళ్లకు 21.35 కోట్ల డాలర్లు ఇస్తామంది. జడ్జ్ వద్దన్నాడు. జనరల్ మేనేజర్ బ్రయాన్ క్యాష్‌మన్ ఆ అంకెను ప్రెస్ ముందు చెప్పేశాడు, అది తనకు నచ్చలేదని జడ్జ్ తర్వాత చెప్పాడు. ఆ సీజన్‌లో ఏం చేశాడో మీకు తెలుసు: 62 హోమ్ రన్‌లు (బంతిని గోడ దాటించే దెబ్బలు), రోజర్ మారిస్ 1961 నుంచి పేరు మీద ఉంచుకున్న అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) రికార్డు బద్దలు. డిసెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ రంగంలోకి దిగింది, అతను పుట్టి పెరిగింది ఆ చుట్టుపక్కలే, చిన్నప్పుడు అభిమానించిన టీమ్ కూడా అదే. శాన్ డియాగో అయితే ఇంకా ఎక్కువే ఇవ్వడానికి సిద్ధపడిందని వార్తలొచ్చాయి. అప్పుడు ఓనర్ హాల్ స్టైన్‌బ్రెనర్ ఇటలీలో సెలవులో ఉండి, మధ్యలో ఎవర్నీ పెట్టకుండా తనే జడ్జ్‌కి ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్లు, 36 కోట్లు. దాంతో పాటు కెప్టెన్సీ, డెరెక్ జీటర్ 2014లో రిటైరయ్యాక ఎవరికీ ఇవ్వని హోదా.

జడ్జ్ ఉండిపోయాడు, కానీ ఏప్రిల్‌లో కుదరని బేరం డిసెంబర్‌లో కుదిరేసరికి ఖర్చు 14 కోట్ల డాలర్లకు పైగా పెరిగింది, రెండేళ్లు ఎక్కువైనా సరే అది చిన్న తేడా కాదు. ఆలస్యం ఖరీదు అది.

[స్క్రీన్ మీద: సోటో తిరిగిన టీమ్‌ల మ్యాప్. వాషింగ్టన్, శాన్ డియాగో, న్యూయార్క్, మళ్లీ న్యూయార్క్]

సోటోకి యాంకీస్‌తో ఆ బంధం ఎప్పుడూ లేదు. డొమినికన్ రిపబ్లిక్ కుర్రాడిని వాషింగ్టన్ నేషనల్స్ తీసుకుంది, 19 ఏళ్లకే మేజర్ లీగ్‌లో ఆడించింది, 2019లో వాళ్లకు వరల్డ్ సిరీస్ గెలిపించాడు. 2022లో 15 ఏళ్లకు 44 కోట్ల ఆఫర్‌ని వద్దన్నందుకు కొన్ని వారాల్లోనే శాన్ డియాగోకి పంపేశారు. అక్కడి నుంచి 2023 డిసెంబర్‌లో యాంకీస్ ఐదుగురు ఆటగాళ్లను ఇచ్చి తెచ్చుకుంది. అప్పటికి ఫ్రీ ఏజెన్సీకి మిగిలింది ఒక్క సీజనే. అంటే యాంకీస్ కొనుక్కున్నది ఒక ఏడాది సోటోనే, మిగతాదంతా ఆశ. ఆ ఏడాది అతను 41 హోమ్ రన్‌లతో పూర్తి న్యాయం చేశాడు. ఆ తర్వాత ఏజెంట్ స్కాట్ బోరాస్ మార్కెట్ తెరిచాడు, అవతల 2020లో మెట్స్‌ని కొన్న హెడ్జ్ ఫండ్ ఓనర్ స్టీవ్ కోహెన్ కూర్చున్నాడు.

ఆ రెండు ఆఫర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. మెట్స్‌ది ఏడాదికి 5.1 కోట్లు, యాంకీస్‌ది 4.75 కోట్లు. మెట్స్ ఆఫర్‌లో 7.5 కోట్ల సైనింగ్ బోనస్ ఉంది, పైసా కూడా వాయిదా లేదు, అయిదో సీజన్ తర్వాత బయటికి వెళ్లే వీలుంది, వెళ్లకుండా ఆపాలంటే మెట్స్ చివరి పదేళ్లూ ఏడాదికి 40 లక్షలు పెంచాలి. దీంతో పాటు కుటుంబానికి స్టేడియంలో ఉచితంగా సూట్ (మ్యాచ్ చూసే ప్రత్యేక గది) అడిగితే మెట్స్ సరేనందని, యాంకీస్ మాత్రం జడ్జ్ కూడా డబ్బు కట్టే తీసుకున్నాడు కాబట్టి కుదరదందని వార్తలొచ్చాయి. ఆ సూట్ మీద అభిమానులు నెలల తరబడి కొట్టుకున్నారు. నా ఉద్దేశంలో అది కారణం కాదు. మొత్తం డబ్బు దాదాపు సమానమైనప్పుడు ఆటగాడు తనను ఎక్కువగా కోరుకుంటున్నది ఎవరు అని చూస్తాడు, కోహెన్ అది ప్రతి లైనులోనూ రాసి చూపించాడు. జడ్జ్ విషయంలో యాంకీస్ చేసిందీ అదే.

పోనీ పోగొట్టుకున్నందుకు యాంకీస్‌కి ఏమొచ్చింది? క్వాలిఫయింగ్ ఆఫర్ అని ఒకటుంది, టీమ్ ఒక ఏడాదికి నిర్ణయించిన జీతం (ఆ ఏడాది 2.1 కోట్ల పైచిలుకు) ఇవ్వజూపాలి, ఆటగాడు కాదని వేరే చోటికి వెళ్తే డ్రాఫ్ట్‌లో ఒక అదనపు పిక్ వస్తుంది. లగ్జరీ ట్యాక్స్ (జీతాల ఖర్చు ఒక గీత దాటితే లీగ్‌కి కట్టే పన్ను) కట్టే టీమ్ కాబట్టి యాంకీస్‌కి అది నాలుగో రౌండ్ తర్వాత వచ్చింది. సోటోకి బదులుగా అది!

కానీ ఆ డబ్బుతో వాళ్లు ఊరుకోలేదు. మ్యాక్స్ ఫ్రీడ్‌ని ఎనిమిదేళ్లకు 21.8 కోట్లకు తెచ్చారు, బెలింజర్‌ని, డెవిన్ విలియమ్స్‌ని ట్రేడ్‌లో తెచ్చారు. 2025లో యాంకీస్ 94 మ్యాచ్‌లు గెలిచింది, సోటో 43 హోమ్ రన్‌లు కొట్టినా మెట్స్ 83 గెలిచి ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. ఒక్క సీజన్ చూసి 15 ఏళ్ల కాంట్రాక్ట్ మీద తీర్పు చెప్పడం తప్పు, నేను చెప్పడం లేదు. కానీ సోటోని వదిలినందుకు యాంకీస్‌ని తిట్టడం మాత్రం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తిట్టాల్సిన టీమ్ వేరే ఉంది. ఏంజెల్స్.

[స్క్రీన్ మీద: ఒటానీ, ఏంజెల్స్ జెర్సీలో, 2018–2023]

షోహెయ్ ఒటానీ లాంటి ఆటగాడు ఆరేళ్లు మీ చేతిలో ఉన్నాడు. బ్యాటింగూ చేస్తాడు, పిచింగూ చేస్తాడు, అలాంటివాడు వందేళ్లలో లేడు, పైగా అదే టీమ్‌లో ఇంకో పెద్ద స్టార్ మైక్ ట్రౌట్ కూడా ఉన్నాడు. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. 2023 జులైలో, ఇంక మూడు నెలల్లో ఫ్రీ ఏజెంట్ అవుతాడని తెలిసి, అతన్ని ట్రేడ్ చేస్తే మంచి కుర్రాళ్లు దొరికే అవకాశం ఉండి కూడా, ఈ ఏడాది గెలిచేస్తాం అనుకుని ఉన్న కుర్రాళ్లనే ఇచ్చి జియోలిటో లాంటి పిచర్లను తెచ్చుకున్నారు. ఆగస్టులో టీమ్ కుప్పకూలింది, ఒటానీ మోచేతి లిగమెంట్ చిరిగింది, నెలాఖరుకు తెచ్చుకున్నవాళ్లనే వదిలేశారు. డిసెంబర్‌లో ఒటానీ అదే ప్రాంతంలో ఉన్న డాడ్జర్స్‌కి పదేళ్లకు 70 కోట్లకు వెళ్లాడు, అందులో 68 కోట్లు తర్వాత తీసుకుంటానన్నాడు, గెలవడానికి టీమ్ చేతిలో డబ్బుండాలని. ఏంజెల్స్‌కి మిగిలింది రెండో రౌండ్ తర్వాత ఒక డ్రాఫ్ట్ పిక్. డాడ్జర్స్ 2024, 2025 రెండేళ్లూ టైటిల్ గెలిచింది. ఒటానీకి గెలుపు కావాలని తెలిసి కూడా ఏంజెల్స్ ఆరేళ్లలో దాన్ని చూపించలేకపోయింది, ఆఖరి రోజు చెక్కుతో అది కొనలేరు.

కాబట్టి నేను నమ్మేది ఇది: ఆపుకోవాలంటే మార్కెట్ తెరవకముందే ఆపాలి. కాన్సస్ సిటీ లాంటి చిన్న మార్కెట్ టీమ్ కూడా బాబీ విట్ జూనియర్ రెండు సీజన్లే ఆడాక, 2024 ఫిబ్రవరిలోనే, 11 ఏళ్లకు 28.8 కోట్ల పైన ఇచ్చి కట్టేసుకుంది. టొరంటో ఇంకాస్త టెన్షన్ పడింది. ఒటానీ కోసం ప్రయత్నించి పోగొట్టుకుంది, సోటో కోసం ప్రయత్నించి పోగొట్టుకుంది, సొంత ఆటగాడు వ్లాదిమిర్ గెరేరో జూనియర్ పెట్టిన గడువు 2025 ఫిబ్రవరిలో దాటిపోయింది, సోటో కాంట్రాక్ట్ వల్ల అతని ధర కూడా పెరిగింది. అయినా వదల్లేదు, ఏప్రిల్‌లో 14 ఏళ్లకు 50 కోట్లు ఇచ్చారు. చాలా ఎక్కువ అన్నారు అప్పుడు. అక్టోబర్‌లో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌కి అతనే ఎమ్‌వీపీ (అత్యుత్తమ ఆటగాడు), టీమ్ వరల్డ్ సిరీస్‌లో ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది.

ఇకపై చూడాల్సింది ఒకటుంది. బేస్‌బాల్‌లో సాలరీ క్యాప్ (టీమ్ జీతాల ఖర్చుకి దాటకూడని పరిమితి) లేదు, లగ్జరీ ట్యాక్స్ మాత్రమే ఉంది (2025లో గీత 24.1 కోట్లు), కోహెన్ లాంటి ఓనర్ వరుసగా మూడో ఏడాదీ గీత దాటి, అన్నిటికంటే పై గీత కూడా దాటితే ఆ పైన పెట్టే ప్రతి డాలర్‌కి 1.10 డాలర్లు పన్ను కడతాడు, అయినా కట్టేస్తాడు. ఆటగాళ్ల యూనియన్‌తో ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఓనర్లు క్యాప్ కోసం పట్టుబడితే యూనియన్ ఒప్పుకునే అవకాశం చాలా తక్కువ, దశాబ్దాలుగా వాళ్లు గట్టిగా నిలబడింది దాని మీదే. ఆ చర్చల్లో ఏం తేలినా, కాన్సస్ సిటీ, టొరంటో చేసింది చేయడానికి మాత్రం ఏ టీమ్‌కీ కొత్త రూల్ అక్కర్లేదు.