విజయనగరానికి రేస్ ట్రాక్: ఎంత ట్రాకు, ఎవరి భూమి? (చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల శాశ్వత రేస్ ట్రాక్ కట్టాలన్న మాట జిల్లాలో ఊరూరా నలుగుతోంది. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములు పోతాయేమోనని రైతుల భయం. స్టూడియోలో ట్రాక్ నిర్మాణ ఇంజనీరు, రైతు సంఘం నాయకుడు, అత్యవసర వైద్యురాలు, రేసింగ్ శిక్షకుడు ఉన్నారు. నలుగురికీ సమానంగా సమయం ఇస్తాం. ఇంజనీరుగారూ, సూటిగా అడుగుతున్నా. ఫార్ములా వన్ మన జిల్లాకి వస్తుందా?

ఇంజనీరు: ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఫార్ములా వన్ రాదు, భూమీ మిగలదు. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది. 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు, జర్మనీ ట్రాకుల డిజైనరు హెర్మన్ టిల్కే గీశాడు. 2011, 2012, 2013లో మూడే మూడు రేసులు. మూడూ జర్మనీ డ్రైవరు వెటెల్ గెలిచాడు. పన్నుల దగ్గర పేచీ వచ్చింది, ఫార్ములా వన్ మళ్ళీ ఇటు చూడలేదు.

వ్యాఖ్యాత: అంటే రాదనే అంటారా?

ఇంజనీరు: పూర్తి చెయ్యనివ్వండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు 3.7 కిలోమీటర్లు. 1990లో మొదలైంది, ఫార్ములా వన్ లేకుండానే నడుస్తోంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే ఇంకా చిన్నది. మనకు కావలసింది ఆ కొలత.

రైతు నాయకుడు: ఎన్నెకరాలండీ? ముందు అదొక్కటి చెప్పండి.

ఇంజనీరు: వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ముందు నీళ్ళ సంగతి తేల్చాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన తీరం ఇది. మూడు కిలోమీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు తారు మీద పది సెంటీమీటర్ల వాన పడితే 36 లక్షల లీటర్లు. పక్కన రన్ ఆఫ్ ఉంటుంది, అంటే అదుపు తప్పిన బండి ఆగడానికి వదిలే ఖాళీ జాగా. దాని మీద పడే నీళ్ళు ఇందులో కలపలేదు. ట్రాకు అడ్డవాలు, అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఉండే వాలు, నూటికి ఒకటిన్నర కంటే తగ్గకూడదు, మూడు దాటకూడదు. వాలు ఎడమ నుంచి కుడికి మారే చోట కాసేపు అడ్డంగా చదును వస్తుంది. నీళ్ళు సరిగ్గా అక్కడే నిలుస్తాయి. అక్కడ ట్రాకు పొడవునా సాగే నిలువు వాలైనా ఉండాలి. 2018లో సిల్వర్‌స్టోన్‌లో కొత్తగా వేసిన తారు మీద నీళ్ళు దిగక మోటోజీపీ బైకు రేసే రద్దయింది.

శిక్షకుడు: నేనొక మాట... పిల్లలకి ముందు కావలసింది చిన్న బుల్లి కార్లు తిప్పే కార్టింగ్ ట్రాకు. కిలోమీటరు పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు చాలు...

ఇంజనీరు: చాలు, కానీ దానికీ ఇదే తారు, ఇదే కాలువ. ఆ తారు సంగతి ఎవరూ అడగడం లేదు. హైవే తారు వేరు, ఇది వేరు. తారు పరిచే యంత్రాలు, పేవర్లు, రెండు మూడు పక్కపక్కనే, కాస్త ముందూ వెనకా నడవాలి. ఒక పట్టీ వేడిగా ఉండగానే పక్క పట్టీ అతుక్కోవాలి. ఒకటి చల్లారాక రెండోది వేస్తే ఆ అతుకులోకి వాన దిగుతుంది, బ్రేకు కొట్టే చోట కంకర లేచిపోతుంది. టిప్పర్ మీద టార్పాలిన్ కప్పకపోతే పైనున్న తారు మాలు చల్లారి, గట్టిపడి ఉండలుగా దిగుతుంది. రోలర్ ఎంత తిప్పినా ఆ ఉండలు కలవవు.

వ్యాఖ్యాత: హైదరాబాద్‌లో 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఇ, కరెంటు కార్ల రేసు, పెట్టారు కదా. అలాంటి పేరు విజయనగరానికి...

ఇంజనీరు: అది ఊరి రోడ్డుకి కాంక్రీటు దిమ్మలు పేర్చి చేసిన తాత్కాలిక ట్రాకు. మరుసటి ఏడాదే రద్దయింది. దీనికీ దానికీ పోలిక లేదు. కంకర దగ్గరికి వద్దాం. మన క్రషర్లలో దొరికే నల్లరాయి గట్టిదే. గట్టిదనం ఒక్కటే చాలదు, టైర్లు తిరిగి తిరిగి నునుపు తేలకూడదు. అందుకే రాయి ఎంత త్వరగా నునుపు తేలుతుందో చూసే పాలిష్డ్ స్టోన్ వాల్యూ పరీక్ష చేయించాలి. బహ్రెయిన్‌లో ట్రాకు కట్టినవాళ్ళు ఇంగ్లండు ష్రాప్‌షైర్ నుంచి రాయి ఓడల్లో తెప్పించుకున్నారు. పైపొర వేశాక రెండు నెలలైనా ఆరనివ్వాలి. 2020లో ఇస్తాంబుల్‌లో రేసు ముందు హడావిడిగా వేశారు, నూనె పైకి తేలి కార్లు జారిపోయాయి.

డాక్టరు: నాకు అవకాశం ఇస్తారా? రన్ ఆఫ్ చివర పాత టైర్లు గోడలా పేరుస్తారు. ఒక్కో టైరులో గ్లాసెడు నీళ్ళు నిలిచినా డెంగీ దోమకి చాలు. ఇక్కడ వానాకాలం అంటే జ్వరాల కాలం. వేల టైర్లు తెచ్చి ఊరి పక్కన...

ఇంజనీరు: కింద బెజ్జాలు పెట్టాలి డాక్టరుగారూ. టైర్లని బోల్టులతో కట్టలుగా బిగించి, ముందు 12 మిల్లీమీటర్ల కన్వేయర్ బెల్టు కడతారు...

డాక్టరు: బెజ్జం ఆకులతో, మట్టితో పూడిపోతుంది. ఎవరు చూస్తారు? రేసుల్లేని నెలల్లో ఎవరు చూస్తారు? ఇంకోటి. ట్రాకులోనే మెడికల్ సెంటర్, అనస్థీషియా డాక్టరు ఉండాలి. ఉన్న ఒక్క అంబులెన్సు ఒకరిని ఎక్కించుకుని గేటు దాటితే, ఇంకోటి వచ్చేదాకా ఒక్క బండి కూడా ట్రాకెక్కకూడదు. అది రూలుగా రాసుకోవాలి.

వ్యాఖ్యాత: మంచి పాయింట్. ఇవన్నీ ఉంటే ఫార్ములా వన్ వస్తుందా?

(ఇద్దరు ఒకేసారి మాట్లాడారు)

రైతు నాయకుడు: బాబూ, ఫార్ములా వన్నో టూనో మాకేటి? నానడిగింది ఎకరాలు. ఇంకా చెప్పనేదు. మామిడి తోటలు, సరుగుడు ఏటయిపోవాలి? 2010లో సోంపేట బీల దగ్గర థర్మల్ ప్లాంటు గొడవలో ఏటయిందో మరిసిపోయారేటి?

ఇంజనీరు: థర్మల్ ప్లాంటుతో దీన్ని కలపకండి. రెండున్నర, మూడు కిలోమీటర్ల ట్రాకుకి బుద్ధ్ సర్క్యూట్ అంత భూమి అక్కర్లేదు. రన్ ఆఫ్ లెక్క తేలాకే ఎకరాలు తేలతాయి. మలుపు దగ్గర జారిన కారుని ఆపే గ్రావెల్ (గులకరాళ్ళ) పరుపు 100 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, పాతిక సెంటీమీటర్ల లోతు అనుకోండి. 750 ఘనపు మీటర్లు, 1,100 టన్నుల పైనే. అదీ గుండ్రటి గులకరాయి కావాలి. క్రషర్ చిప్స్ పోస్తే ఒకదానికొకటి బిగుసుకుంటాయి, కారు కూరుకోకుండా మీద నుంచి జారిపోయి గోడకి కొడుతుంది. వాన పడ్డాక పరుపు గట్టిపడుతుంది, ట్రాక్టరుకి పళ్ళ గుంటక కట్టి మళ్ళీ గుల్ల చెయ్యాలి.

రైతు నాయకుడు: గుండ్రటి రాయి ఎక్కడ తవ్వుతారు? చంపావతిలోనే గదా? ఏరు తవ్వితే మా బోర్లు...

ఇంజనీరు: ఏటినే తవ్వాలని లేదు. కార్లకి కొన్ని మలుపుల్లో గ్రావెల్ బదులు తారు రన్ ఆఫ్ పెట్టొచ్చు.

శిక్షకుడు: బైకులకి అది పనికిరాదండీ. పడ్డవాడు తారు మీద జారుతూనే పోతాడు. మన కుర్రాళ్ళు హైవే మీద తిప్పేది బైకులే. ట్రాకు కట్టేది వాళ్ళ కోసమైతే గ్రావెల్ ఉండాలి, గోడ ముందు గాలి నింపిన మెత్తటి ఎయిర్ ఫెన్సు ఉండాలి. జెండాలు చూపించే మార్షల్స్ నిలబడే పోస్టులు 500 మీటర్లు మించని దూరంలో, ఒక పోస్టు నుంచి ఇంకోటి కనబడేలా ఉండాలి. జెండా పట్టే మనిషికి శిక్షణ...

ఇంజనీరు: అదీ నేను చెప్పేదే. చిన్న ట్రాకు, మంచి కాలువ. పెద్ద గ్రాండ్‌స్టాండ్‌కి పెట్టే డబ్బు కాలువలో పెట్టండి.

వ్యాఖ్యాత: చిన్నదంటే ఫార్ములా వన్ ఆశ వదులుకోవడమేగా? దానికి మూడున్నర కిలోమీటర్లైనా ఉండాలి కదా?

ఇంజనీరు: పొడవు ఒక్కటే కాదండీ. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ ఇచ్చే గ్రేడ్ వన్ లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు గడువు మూడేళ్ళు, మళ్ళీ తనిఖీ, మళ్ళీ ఖర్చు.

రైతు నాయకుడు: ఎకరాలు, పరిహారం, కాలవ నీళ్ళు ఎవుడి పొలంలోకి ఒదుల్తారు? మూడూ అడిగినాను. ఒక్కదానికీ జవాబు రానేదు.

వ్యాఖ్యాత: మీ ఆవేదన అర్థమైంది, సమయం మించిపోతోంది. డాక్టరుగారి టైర్ల విషయం మరోసారి చర్చిద్దాం. ఇంజనీరుగారూ, చివరి అర నిమిషం మీదే.

ఇంజనీరు: నీళ్ళు వదిలే చోటు ముందు తేల్చాలి, ఆయన అడిగింది న్యాయమే. ట్రాకు పక్కనే చెరువు తవ్వి నీటిని ఆపొచ్చు. అది మూడెకరాలా, ఐదెకరాలా అన్నది వాలు సర్వే చేస్తేగాని...

రైతు నాయకుడు: అదిగో, ఇంకో ఐదెకరాలు!

వ్యాఖ్యాత: ఇక్కడితో ఆపాలి. విరామం తర్వాత జిల్లా వార్తలు.