రేడియో మెరుపులకు పద్దు రాయడం

సభకు నమస్కారం.

2001 జులై 24న ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపులో ఒక సంకేతం పడింది. అది ఉన్నది సుమారు ఐదు మిల్లీసెకన్లు. రెప్ప వాల్చి ఎత్తే వేళలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పరికరం తన పని తాను చేసింది, సంకేతం నమోదైంది, మిగతా కొలతలతో పాటు నిల్వలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు దాన్ని ఎవరూ చూడలేదు. మరుసటి ఏడాదీ చూడలేదు. ఆరేళ్ళకు, 2007లో, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో డంకన్ లోరిమర్, ఆయన విద్యార్థి డేవిడ్ నార్కెవిక్ ఆ పాత రికార్డులను ఇంకో పని మీద జల్లెడ పడుతుంటే బయటపడింది. వాళ్ళు వెతుకుతున్నవి మన పొరుగు చిన్న గెలాక్సీలైన మెజెల్లాన్ మేఘాల్లోని పల్సార్లు, అంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే తారలు. దొరికినది వాటికన్నా ఎంతో దూరం నుంచి వచ్చినది.

ఫాస్ట్ రేడియో బర్స్ట్, పొట్టిగా ఎఫ్ఆర్బీ, అని ఇప్పుడు పిలుస్తున్న వాటి చరిత్ర అలా మొదలైంది. ఈ ప్రసంగంలో వాటిని రేడియో మెరుపులు అంటాను. మెరుపు కథ చెప్పేవాళ్ళు సాధారణంగా దాని శక్తి గురించి చెబుతారు, అది ఎక్కడ పుట్టిందో ఊహిస్తారు. నేను ఇంకో వైపు నుంచి చెప్పదలచుకున్నాను. ఆనాడు ఆ సంకేతాన్ని గుర్తించలేకపోయినా, భద్రపరచారు. ఈ రంగంలో మనకు తెలిసిన ప్రతి ముక్కా అలా రాసి పెట్టుకోవడం వల్లనే తెలిసింది. అందుకే మెరుపు కన్నా మెరుపుల పద్దు గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు, ఆ ఐదు మిల్లీసెకన్ల గీత చాలా దూరం నుంచి వచ్చిందని లోరిమర్ బృందానికి ఎలా తెలిసింది?

నక్షత్రాల మధ్య, గెలాక్సీల మధ్య ఉన్నది పూర్తి శూన్యం కాదు. పలచగా, అతి పలచగా ఎలక్ట్రాన్లు పరచుకుని ఉంటాయి. రేడియో తరంగాలు వాటి గుండా వచ్చేటప్పుడు కాస్త ఆలస్యమవుతాయి. ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవి తక్కువగా, తక్కువ పౌనఃపున్యం ఉన్నవి ఎక్కువగా వెనకబడతాయి. పౌనఃపున్యం సగానికి తగ్గితే ఆలస్యం నాలుగింతలవుతుంది. బయలుదేరినప్పుడు అన్నీ కలిసే బయలుదేరాయి, చేరేటప్పటికి వరస కట్టి వస్తాయి. కాలాన్ని అడ్డంగా, పౌనఃపున్యాన్ని నిలువుగా పెట్టి బొమ్మ గీస్తే పై నుంచి కిందికి వంపు తిరిగి జారే గీత కనిపిస్తుంది.

ఆ వంపు ఎంత ఉందో కొలిస్తే దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగిలాయో తెలుస్తుంది. మన నుంచి ఆ మూలం దాకా ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోతతో పొడవాటి గొట్టం ఒకటి ఊహించుకోండి. అందులో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ లెక్కపెట్టిన సంఖ్య అది. విక్షేపణ కొలత అని దాని పేరు, రోజువారీ మాటల్లో డీఎం. ఖగోళ శాస్త్రవేత్తలు వాడే ప్రమాణంలో 2001 మెరుపు డీఎం 375. ఆ దిక్కున మన పాలపుంతలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిపినా అందులో పదో వంతు కూడా రావు. మిగతావి ఎక్కడివి? పాలపుంత దాటిన తర్వాతవి. ఈ ఒక్క సంఖ్యే ఆ సంకేతానికి ప్రయాణ పత్రం.

కానీ ఒకే ఒక్క సంకేతం. ఒకే టెలిస్కోపు. చాలామంది నమ్మలేదు, నమ్మకపోవడం తప్పని నేను అనను. పైగా 2011లో అదే పార్క్స్ రికార్డుల్లో ఇంకో రకం గీతలు బయటపడ్డాయి. చూడడానికి అచ్చం మెరుపులాగే వంపు తిరిగి ఉన్నాయి. అయితే పార్క్స్ పరికరం ఆకాశాన్ని 13 పుంజాలుగా, అంటే పక్కపక్కనున్న 13 చిన్న ముక్కలుగా, చూస్తుంది. దూరాన ఒక బిందువు నుంచి వచ్చే సంకేతం ఒకటి రెండు పుంజాల్లో, చాలా ప్రకాశవంతమైతే మరికొన్నింట్లో పడాలి. ఈ కొత్త గీతలు అన్నింట్లోనూ పడ్డాయి. అంటే భూమి మీదివే. వాటికి పెరిటాన్లు అని పేరు పెట్టారు. అవి ఎక్కువగా పని దినాల్లో, పగటి వేళల్లోనే వచ్చేవి.

2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం వాటి ఆచూకీ తీసింది. పార్క్స్ ప్రాంగణంలో రేడియో అలజడిని కొలిచే కొత్త పరికరం పెట్టాక, పెరిటాన్ వచ్చిన ప్రతిసారీ 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర కూడా అలజడి కనిపించింది. అది మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేసే చోటు. ఓవెన్ తనంతట తాను ఆగేదాకా ఉండకుండా మధ్యలో తలుపు తీస్తే, లోపల మైక్రోవేవ్‌లు పుట్టించే మాగ్నెట్రాన్ ఆగిపోయే క్షణంలో ఒక చిన్న విస్ఫోటం బయటికి వస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు జనం నవ్వుతారు. నాకు మాత్రం ఇది ఈ రంగంలోకెల్లా గౌరవించదగ్గ పని అనిపిస్తుంది. కాదని తేలినవాటిని కూడా తేదీతో, వేళతో, ఏ పుంజంలో పడ్డాయో రాసి పెట్టుకున్నారు కాబట్టే అవి ఏమిటో తేలింది. అవి తేలాయి కాబట్టే 2001 మెరుపు వాటి జాతి కాదని ధైర్యంగా చెప్పగలిగారు.

ఈ జాగ్రత్త ఇప్పటికీ తప్పదు. 2024 జూన్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆస్కాప్ టెలిస్కోపుకు అతి పొట్టి, అతి ప్రకాశవంతమైన సంకేతం ఒకటి దొరికింది. మూలాన్ని వెతుక్కుంటూ వెళితే అది గెలాక్సీ కాదు, భూమి చుట్టూ తిరుగుతున్న రిలే 2 అనే ఉపగ్రహం. 1964లో ఎగిరి, 1967 నుంచి మూగబోయినది.

మళ్ళీ వెనక్కి వస్తాను. 2013లో పార్క్స్ నుంచే మరో నాలుగు మెరుపుల సంగతి ప్రచురించారు. 2014లో ప్యూర్టో రికోలోని అరెసిబో టెలిస్కోపు తనకు దొరికిన మెరుపును ప్రకటించాక, ఇది ఒక్క పరికరం చేసే మాయ అనడానికి వీల్లేకపోయింది. 2012 నవంబరు 2న వచ్చిన ఆ మెరుపు దగ్గరకే మళ్ళీ వస్తాం, దాని పేరు గుర్తుంచుకోండి: ఎఫ్‌ఆర్‌బీ 121102. పేరంటే తేదీయే. ఏడాది, నెల, రోజు. తర్వాత ఒకే రోజు ఒకటికి మించి దొరకడం మొదలయ్యాక ఈ పద్ధతి చాల్లేదు. ఇప్పుడు ఏడాదిని నాలుగంకెలుగా రాసి చివర అక్షరం చేరుస్తున్నారు. కాబట్టి అది ఇప్పుడు ఎఫ్‌ఆర్‌బీ 20121102ఏ.

లెక్క మారిపోయింది కెనడాలోని చైమ్ టెలిస్కోపుతో. బ్రిటిష్ కొలంబియాలో పెంటిక్టన్ దగ్గర ఉంటుంది. తిరిగే పళ్ళెం కాదు, అసలు కదిలే భాగమే లేదు. నూరు మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పుతో సగానికి చీల్చిన గొట్టాల్లాంటి నాలుగు దొన్నెలు, వాటి మీదుగా 1,024 యాంటెనాలు. భూమి తిరుగుతుంటే ఆకాశమే దాని మీదుగా సాగిపోతుంది. 400 నుంచి 800 మెగాహెర్ట్‌జ్ దాకా వింటుంది. కంప్యూటర్లు ఆకాశాన్ని 1,024 పుంజాలుగా విడదీసి, ఒక్కో పుంజాన్నీ 16,384 చానెళ్ళుగా చీల్చి, దాదాపు మిల్లీసెకనుకోసారి చూస్తాయి.

వెతకడంలో కష్టం ఎక్కడంటే, రాబోయే మెరుపు డీఎం ఎంతో ముందుగా తెలియదు. అందుకని వేల డీఎంలు ఊహించి, ఒక్కోదానికి తగ్గట్టు ఆ వంపు గీతను నిలువుగా సరిచేసి కూడి చూడాలి. సరైన డీఎం దగ్గర చెదిరిన శక్తంతా ఒక్క చోట చేరి శిఖరంలా లేస్తుంది. మిగతాచోట్ల అంతా గోల. ఇదంతా అప్పటికప్పుడు జరగాలి. డీఎం 500 అయితే 800 మెగాహెర్ట్‌జ్ దగ్గర ముందు తగిలిన మెరుపు 400 దాకా దిగడానికి దాదాపు పది సెకన్లు పడుతుంది. మెరుపని తేలేదాకా ముడి సమాచారాన్ని జ్ఞాపకంలో పట్టి ఉంచాలి, కాదని తేలితే వదిలేయాలి. అంత సమాచారాన్ని శాశ్వతంగా దాచుకునే చోటు ఎవరికీ లేదు. అంటే 2001లోలాగా ఆరేళ్ళ తర్వాత తీరిగ్గా వెతుక్కునే అవకాశం చాలావరకు పోయింది. ఆ క్షణాన యంత్రం వదిలేసినది ఇక ఎప్పటికీ లేనట్టే. ఈ మార్పు నన్ను కొంచెం బాధపెడుతుంది, అయినా వేరే దారి కనబడదు.

2021లో చైమ్ తన మొదటి కేటలాగు వెలువరించింది. 2018 జులై 25 నుంచి 2019 జులై 1 వరకు దొరికిన 536 మెరుపులు. అంతకుముందు ప్రపంచం మొత్తం మీద పోగైనవి వంద పైచిలుకే. అందులో ప్రతి మెరుపుకూ ఒక వరస: పేరు, వచ్చిన క్షణం, ఆకాశంలో చోటు, ఆ చోటులో ఎంత పొరపాటు ఉండవచ్చో, డీఎం, వెడల్పు, దారిలో ఎంత చెదిరిందో, ఎంత ప్రకాశమో. ప్రకాశం దగ్గర నిజాయితీగా ఒక మాట కూడా రాశారు: ఇది కనీస విలువ. ఎందుకంటే మెరుపు పుంజం నడిమధ్యలో పడిందో అంచున పడిందో కచ్చితంగా తెలియదు. అంచున పడితే అసలు ప్రకాశం ఇంకా ఎక్కువ.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది మరొకటి. దొరికినవి రాయడం సులువు. దొరకనివాటిని ఎలా రాస్తారు? వాళ్ళు చేసింది ఇది: కంప్యూటరులో రకరకాల కృత్రిమ మెరుపులు తయారుచేసి, పనిచేస్తున్న వ్యవస్థలోకే ఎక్కించారు. వెడల్పువి, సన్ననివి, మసకవి, ఎక్కువ డీఎంవి. ఏవి పట్టుకుంది, ఏవి జారవిడిచింది అని లెక్క కట్టారు. దారిలో బాగా చెదిరి, పది మిల్లీసెకన్లకు మించి సాగిపోయిన మెరుపుల్ని తమ యంత్రం ఎక్కువగా పోగొట్టుకుంటోందని అలా తెలిసింది. ఆకాశంలో ఏముందో చెప్పే ముందు తన వల కన్ను ఎంతో చెప్పడం ఇది. ఆ సవరణ చేసుకున్నాకే, ఒక స్థాయికి మించి ప్రకాశించే మెరుపులు ఆకాశం మొత్తం మీద రోజుకు వందల సంఖ్యలో వస్తాయని అంచనా కట్టగలిగారు.

ఇప్పుడు 121102 దగ్గరకు. అప్పటిదాకా ఒక్కో మెరుపూ ఒక్కసారే వచ్చేది. అందుకని ఏదో నక్షత్రం పేలిపోయో, రెండు ఢీకొనో పుడుతున్నాయనీ, ఆ మూలం దానితోనే అంతమవుతుందనీ అనుకోవడం సహజమే. 2016లో లారా స్పిట్లర్ బృందం ప్రకటించింది: 121102 మళ్ళీ వచ్చింది, పదిసార్లు. అదే చోటు, అదే డీఎం. మూలం బతికే ఉంది. మళ్ళీ మళ్ళీ వస్తోంది కాబట్టి కాపు కాసి చూడవచ్చు. 2017లో దాని నెలవు దొరికింది, దాదాపు మూడు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక మరుగుజ్జు గెలాక్సీ. 2019లో చైనాలోని ఫాస్ట్ అనే టెలిస్కోపు 47 రోజుల్లో దీని నుంచే 1,652 మెరుపులు లెక్కపెట్టింది.

చైమ్ కేటలాగులో 18 మూలాలు ఇలా మళ్ళీ మళ్ళీ మెరిసేవి. వాటిని మిగతావాటి పక్కన పెట్టి చూస్తే తేడా బయటపడింది. మళ్ళీ వచ్చేవి కాలంలో వెడల్పు, పౌనఃపున్యంలో ఇరుకు. ఒక్కసారి వచ్చినవి పొట్టిగా ఉండి, పౌనఃపున్యాల పట్టీ అంతా పరచుకుంటాయి. ఒకటి రెండు మెరుపుల్ని ఎంత నిశితంగా చూసినా ఇది తెలిసేది కాదు. వందల వరసలు ఒకచోట చేరాకే కనిపించింది.

మూలం ఏమిటి? 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే జవాబు ఒకటి దొరికింది. ఎస్‌జీఆర్ 1935+2154 అనే మాగ్నెటార్, అంటే విపరీతమైన అయస్కాంత క్షేత్రం ఉన్న న్యూట్రాన్ తార, ఒక రేడియో మెరుపు వెలువరించింది. చైమ్ పట్టింది. అమెరికాలో స్టేర్ 2 అనే చిన్న యాంటెనాల బృందమూ పట్టింది. అదే వేళకు ఉపగ్రహాలకు ఎక్స్ కిరణాలు కనిపించాయి. దూరపు మెరుపుల్లో అతి బలహీనమైనదానితో పోలిస్తే ఇది పదుల రెట్లు బలహీనం, అయినా జాతి అదే. కథ ముగిసిందనుకునేలోగా పొరుగు గెలాక్సీ ఎం 81లో, ముసలి నక్షత్రాల గుంపులో ఒక మెరుపు మూలం తేలింది. భారీ నక్షత్రం పేలి మాగ్నెటార్ కావడం అలాంటి ముసలి గుంపులో జరగదు. అంటే మాగ్నెటార్ పుట్టే దారి ఇంకొకటి ఉండాలి, లేదా మెరిసేది మాగ్నెటార్ కాకపోయి ఉండాలి.

మూలం ఏదో తెలియకపోయినా మెరుపు పనికొస్తుందని చూపించిన మనిషి ఆస్ట్రేలియాకు చెందిన జాన్ పియర్ మకార్. విశ్వంలో ఉండాల్సిన మామూలు పదార్థంలో సగానికి దగ్గరగా లెక్కకు అందకుండా ఉండేది. గెలాక్సీల మధ్య మరీ పలచగా ఉంది, వెలగదు, కనిపించదు. అయితే రేడియో మెరుపు దాని గుండానే వస్తుంది, దాని ఎలక్ట్రాన్లన్నీ లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆస్కాప్ కొన్ని మెరుపుల సొంత గెలాక్సీలను గుర్తించింది, వాటి దూరాలు తెలిశాయి. దూరాన్నీ డీఎంనూ పక్కపక్కన పెడితే లెక్క సరిపోయింది. 2020 మే నెలాఖరులో ఆ పత్రం వెలువడింది. జూన్‌లో మకార్ చనిపోయారు. ఆ సంబంధాన్ని ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

చివరగా ఒక్క మెరుపు. చైమ్‌కు ఇప్పుడు దూరంగా మూడు తోడు టెలిస్కోపులున్నాయి, ఒకటి కెనడాలోనే, మిగతా రెండు అమెరికాలో. నాలుగూ కలిసి చూస్తే చోటు కచ్చితంగా దొరుకుతుంది. 2025 మార్చి 16న వచ్చిన చాలా ప్రకాశవంతమైన మెరుపును అలాగే పట్టారు. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4141 గెలాక్సీలో, పదుల కాంతి సంవత్సరాల లోపు చోటుకు గురి కుదిరింది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అక్కడికి చూపు తిప్పితే మసకగా ఒక పరారుణ బిందువు కనిపించింది. చైమ్ ఆ చోటు మీదుగా ఏళ్ళ తరబడి రోజూ చూస్తూనే ఉంది. పాత రికార్డులు తిరగేశారు, ముందెప్పుడూ మెరిసిన జాడ లేదు.

పద్దులో మళ్ళీ వచ్చిందా అని ఒక గడి ఉంటుంది. అవునని రాయడానికి ఇంకొక్క మెరుపు చాలు. కాదని రాయడానికి ఎన్నేళ్ళు చూసినా చాలదు. మార్చి 16 నాటి ఆ వరస చివర ఇప్పటికి రాయగలిగింది ఒక్కటే: ఇంతవరకు రాలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.