నార్బర్‌లో రాళ్ల కింద చూడండి

అందరికీ నమస్కారం.

లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, మాంచెస్టర్ చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లే ఈ హాల్లో ఎక్కువ. వీకెండ్‌లో పిల్లల్ని తీసుకుని యార్క్‌షైర్ డేల్స్‌కు వెళ్లే అలవాటు మీలో చాలామందికి ఉంది. మాలమ్ కోవ్ చూసి ఉంటారు, ఇంగిల్టన్ జలపాతాలు చూసి ఉంటారు. ఈ రెండింటికీ మధ్య, ఇంగిల్‌బరో కొండకు దక్షిణాన, ఆస్ట్‌విక్ అనే చిన్న ఊరికి పైన నార్బర్ అనే వాలు ఉంది. అక్కడికి టికెట్ లేదు, గేటు లేదు, కాఫీ కొట్టు లేదు. గడ్డి, గొర్రెలు, తెల్లటి సున్నపురాయి, దాని మీద చెల్లాచెదురుగా వందకు పైగా నల్లటి బండరాళ్లు. అంతే. ఇంగ్లండ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది.

వెళ్లినవాళ్లు సాధారణంగా రాయి పక్కన నిలబడి ఫొటో తీసుకుంటారు. తీసుకోండి, తప్పేం లేదు. ఆ తర్వాత మాత్రం మోకాళ్ల మీద కూర్చుని రాయి అడుగు భాగం చూడండి. అక్కడ చెప్పుకోవాల్సిన సంగతంతా రాయికీ నేలకూ మధ్య ఉంది.

పైన ఉన్న నల్ల రాయి గ్రేవాకీ. ఇసుక, బురద కలిసి సముద్రం అడుగున గట్టిపడి తయారైన రాయి. వయసు సుమారు 43 కోట్ల ఏళ్లు. కింద ఉన్న తెల్ల సున్నపురాయి కూడా సముద్రంలో పుట్టిందే, కానీ దాని వయసు దాదాపు 33 కోట్ల ఏళ్లు. పొరలు కదలకుండా ఉన్నచోట పాతది కింద, కొత్తది పైన ఉంటుంది. ఇక్కడ పది కోట్ల ఏళ్లు పెద్దదైన రాయి చిన్నదాని నెత్తిన కూర్చుంది. నీళ్లు దొర్లించి తెచ్చాయనుకుందామంటే, ఇవి పుట్టిన చోటు పైన లేదు. పక్కనే ఉత్తరాన ఉన్న క్రమ్మక్‌డేల్ లోయలో, నార్బర్ కన్నా పల్లంలో ఉంది. రాళ్లు ఎగువకు వచ్చాయి.

రాయిని మోసుకుని ఎత్తు ఎక్కగలిగేది మంచు ఒక్కటే. ఇది చాలామందికి వింతగా ఉంటుంది, అందుకే కాస్త ఆగి చెబుతాను. నది నేల వాలును బట్టి పారుతుంది. హిమానీనదం, అంటే నెమ్మదిగా కదిలే మంచు ప్రవాహం, దాని కదలికను నిర్ణయించేది ప్రధానంగా దాని పై ఉపరితలం వాలు. వెనక వైపు మంచు వందల మీటర్ల మందాన పేరుకుని ఉంటే, ఆ బరువుకు ముందున్న మంచు గట్టునైనా ఎక్కుతుంది. అలా కదిలే మంచు క్రమ్మక్‌డేల్ అడుగున ఉన్న గ్రేవాకీని విరిచి, తనలో ఇరికించుకుని, ఈ సున్నపురాయి మెట్టు మీదికి తెచ్చింది. ప్రయాణం పెద్ద దూరం కాదు, కిలోమీటరుకు అటూఇటూ. తర్వాత వాతావరణం వేడెక్కి మంచు కరిగింది, రాళ్లు ఉన్నచోటే దిగిపోయాయి.

ఎప్పుడు దిగాయో కూడా తెలుసు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు రాయి పైభాగాన్ని తాకినప్పుడు అందులో క్లోరిన్-36 అనే అరుదైన ఐసోటోప్, అంటే ఒక రకం క్లోరిన్ పరమాణువు, పుడుతుంది. రాయి మందపాటి మంచు కింద ఉన్నంతకాలం ఆ కిరణాలు దానికి తగలవు. బయటపడిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. నార్బర్ రాళ్లలో ఆ ఐసోటోప్‌ను కొలిస్తే సుమారు 18 వేల ఏళ్లు అని తేలింది.

ఇప్పుడు మళ్లీ రాయి అడుగుకు వద్దాం. కొన్ని బండలు నేల మీద కాకుండా చిన్న సున్నపురాయి పీఠాల మీద నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ ఎత్తి పెట్టలేదు, చుట్టూ ఉన్న నేలే దిగిపోయింది. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. బండ కింద ఉన్న భాగానికి మాత్రం ఆ బండే గొడుగు. అందుకే అక్కడ పాత ఎత్తు మిగిలింది. పీఠం ఎత్తు అడుగుకు అటూఇటూ ఉందనుకుంటే, వెయ్యేళ్లకు రెండు సెంటీమీటర్లు కూడా కరగలేదన్నమాట. నన్నయ కాలం నుంచి ఇవాళ్టిదాకా అక్కడ కురిసిన వానంతా కలిసి చేసిన పని మన వేలి మందం. ఆ పీఠం పక్కన చేయి ఆనించి కూర్చున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ సంగతి తెలుసుకోవడానికి మనుషులకు చాలాకాలం పట్టింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇలాంటి రాళ్లను బైబిల్లోని జలప్రళయం తెచ్చిందని చదువుకున్నవాళ్లే నమ్మేవారు. చార్ల్స్ డార్విన్ సొంత ఊరు ష్రూస్‌బరీలో బెల్‌స్టోన్ అనే బండ ఉంది. డార్విన్ చిన్నప్పుడు కాటన్ అనే పెద్దాయన దాన్ని చూపించి, ఈ జాతి రాయి కంబర్లాండ్‌కో స్కాట్లండ్‌కో ఇవతల ఎక్కడా లేదని, ఇది ఇక్కడికెలా వచ్చిందో లోకం అంతమయ్యేలోగా ఎవరూ చెప్పలేరని గట్టిగా అన్నాడట. డార్విన్ ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో కూడా ఆ మాటను మరిచిపోలేదు. 1837లో లూయీ అగాసీ అనే శాస్త్రవేత్త స్విట్జర్లండ్‌లో మంచుయుగం గురించి ప్రకటించాడు. 1840లో బ్రిటన్ వచ్చి, ఇక్కడి భూగర్భ శాస్త్రవేత్త విలియం బక్‌లండ్‌తో కలిసి తిరిగి, ఇక్కడా మంచు పరుచుకుందని చూపించాడు. ఆ బక్‌లండ్ అంతకుముందు ప్రళయ సిద్ధాంతాన్ని సమర్థించినవాడే. సాక్ష్యం చూసి అభిప్రాయం మార్చుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం అందుకే.

పెద్ద బండ కనిపించగానే మంచు తెచ్చిందనుకోకూడదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో నిచ్చెన వేసి ఎక్కే బౌడర్ స్టోన్‌ను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. అది పైనున్న కొండ నుంచే విరిగి పడిందని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. మన హైదరాబాద్ గుండ్లు కూడా ఎక్కణ్నుంచో వచ్చినవి కావు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఉన్నచోటే పగిలి, అంచులు అరిగి గుండ్రంగా మిగిలింది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించినా పైదీ కిందదీ ఒకే రాయి.

అలాగని మన నేలకు మంచు తెలియదనుకోకండి. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, భారతదేశం గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పుడు, గోదావరి లోయలో మంచు తెచ్చి పోసిన రాళ్లూ మట్టీ ఉన్నాయి. వాటిని తాల్చేర్ పొరలు అంటారు. సింగరేణి బొగ్గు పొరలకు అడుగున ఉన్నవి అవే. ఆదిలాబాద్ సరిహద్దున పారే పెన్‌గంగ లోయలో, చంద్రపూర్ దగ్గర, ఆ పొరల కింద సున్నపురాయి మీద మంచు గీసిన గీతలను పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించారు. అక్కడా సాక్ష్యం దొరికింది రాళ్ల అడుగునే. మంచిర్యాల, రామగుండం, కొత్తగూడెం వాళ్లు ఈ హాల్లో ఉంటే, నార్బర్ మీకు పరాయి చోటు కాదు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. తడిసిన సున్నపురాయి బాగా జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. పగుళ్లలో పిల్లల కాలు ఇరుక్కోకుండా చూడండి. పీఠాల మీదున్న బండలు ఎక్కనివ్వకండి. చిన్న ముక్క కూడా తేవద్దు. తోటల అలంకారం కోసం ఈ ప్రాంతపు సున్నపురాయిని ఎంత తవ్వుకుపోయారంటే, దాన్ని కాపాడటానికి 1981 చట్టంలో ప్రత్యేక ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. కారు లేకపోతే లీడ్స్ నుంచి మోర్‌కమ్ వైపు వెళ్లే రైలెక్కి క్లాపమ్‌లో దిగండి. టికెట్ కొనేటప్పుడు లండన్ క్లాపమ్ కాదని చూసుకోండి. స్టేషన్ నుంచి ఊళ్లోకి మైలుకు పైగా నడవాలి, అక్కణ్నుంచి థ్వెయిట్ లేన్ అనే పాత బాట ఆస్ట్‌విక్ వైపు తీసుకెళ్తుంది.

ఒక టేప్ తీసుకెళ్లి, పిల్లల చేత నాలుగైదు పీఠాల ఎత్తు కొలిపించండి. అన్నీ ఒకే ఎత్తు ఉండవు. ఎందుకుండవో వాళ్లనే ఆలోచించమనండి, తొందరపడి మీరు చెప్పేయకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.