మలగేన్యా మళ్లీ వాయిస్తే సరిపోతుందా?

అందరికీ నమస్కారం.

మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీకు డ్రమ్స్ గురించి బాగా తెలుసటగా, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. సరే అన్నాను. తీరా కరపత్రం చూస్తే 'డప్పు, మృదంగం, మన లయ' అని వేశారు. తప్పు ఆయనది కాదు, ఏ డ్రమ్సో నేను చెప్పలేదు. నాకు డప్పు రాదు, మృదంగం రాదు. నాకు తెలిసిందల్లా వేసవి వస్తే ఈ దేశంలో స్టేడియం మెట్ల మీద కూర్చుని చూసే డ్రమ్ కోర్ ఒక్కటే. దాని గురించే, ముఖ్యంగా ఒకప్పటి ఊపుని మళ్లీ వెతుక్కుంటున్న మేడిసన్ స్కౌట్స్ అనే జట్టు గురించి చెబుతాను. మృదంగం కోసం వచ్చినవాళ్లు క్షమించాలి, కాఫీ వెనక బల్ల మీద ఉంది.

మీలో చాలామంది పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నారు. డ్రమ్ కోర్ దానికి దగ్గరి చుట్టమే గానీ, స్కూళ్లతో సంబంధం లేదు. క్లారినెట్లు, ఫ్లూట్లు ఉండవు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలూ చెక్క రైఫిళ్లూ ఎగరేసి పట్టుకునే కలర్ గార్డ్, అంతే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు పెట్టుకున్న అమెరికన్ లీజియన్ లాంటి సంఘాలు ఊరూరా పిల్లల్ని చేరదీసి, బ్యూగిళ్లనే ఇత్తడి బూరలూ డ్రమ్ములూ చేతికిచ్చి పెంచిన సంప్రదాయం ఇది. 1972లో జట్లే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పేరుతో సొంత ఛాంపియన్‌షిప్ పెట్టుకున్నాయి. మొదటిది జరిగింది విస్కాన్సిన్‌లోని విట్‌వాటర్‌లో.

ఇరవై ఒకటి దాటినవాళ్లకి జట్టులో చోటు లేదు. వేసవంతా బస్సుల్లో తిరుగుతారు, స్కూలు జిమ్‌లో నేల మీద పడుకుంటారు, పొద్దున లేచింది మొదలు ఎండలో ప్రాక్టీసే. ఇదంతా పదకొండు, పన్నెండు నిమిషాల షో కోసం. జీతం మాట దేవుడెరుగు, ఎదురు వేల డాలర్లు కడతారు. మా అమ్మకి ఈ సంగతి చెబితే, "పెళ్లి బ్యాండు వాళ్లకే కనీసం భోజనం పెట్టి డబ్బులిస్తారు కదరా" అంది.

ఇక మేడిసన్ స్కౌట్స్ సంగతికి వద్దాం. 1938లో విస్కాన్సిన్ రాజధాని మేడిసన్‌లో స్కౌట్ల జట్టుగా పుట్టింది. 1975లో ఒకసారి, 1988లో ఒకసారి ఛాంపియన్. రెండు కప్పులంటే పెద్ద లెక్కేం కాదు, కాలిఫోర్నియా బ్లూ డెవిల్స్ వాళ్ల దగ్గర ఇరవైకి పైగా ఉన్నాయి. అయినా పాత అభిమానినెవర్నైనా నిద్ర లేపి, ఒళ్లు గగుర్పొడిచిన షో ఒకటి చెప్పమనండి, మేడిసన్ పేరు రాకుండా ఉండదు.

1988 ఫైనల్స్ కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియంలో. మేడిసన్ గెలుస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఆఖర్న 'మలగేన్యా' ఎత్తుకున్నారు. క్యూబా స్వరకర్త ఎర్నెస్తో లెక్వోనా రాసిన బాణీ అది. దాన్ని స్టాన్ కెంటన్ జాజ్ ఆర్కెస్ట్రా అదరగొట్టింది, మేడిసన్ ఆ దారి పట్టింది. మేడిసన్ పద్ధతి ఎప్పుడూ ఒకటే. మైదానంలో ఎన్ని మెలికలు తిరిగినా చివరికి ప్రేక్షకులకి ఎదురుగా నిలబడటం, బ్యూగిళ్ల మూతులన్నీ మెట్ల వైపు తిప్పటం, ఊపిరి ఉన్నంత వరకూ ఊదటం. అప్పటి బ్యూగిళ్లు వేరు. స్వరం మార్చటానికి నొక్కే వాల్వులు రెండే, అన్నీ ఒకే శ్రుతివి. సన్నగా ముద్దుగా పలకటం వాటి వల్ల కాదు, గుండెల మీద గుద్దటం మాత్రం బాగా వచ్చు. ఆ రాత్రి రికార్డింగ్‌లో చివరి నిమిషం వినండి. జనం అరుపు ఎక్కడ మొదలైందో, వాద్యం ఎక్కడ ఆగిందో చెప్పలేరు.

మనకిది కొత్త కాదు. రాయబారం సీన్లో కృష్ణుడు రాగం తీస్తుంటే పందిట్లో ఎవడో 'వన్స్ మోర్' అని కేక వేసేవాడు. కృష్ణుడు కౌరవ సభని అలా నిలబెట్టి, మళ్లీ అదే పద్యం అందుకునేవాడు. నాటకం ఏమైపోయినా ఫర్వాలేదు. మేడిసన్‌ది ఆ జాతి.

ఒక మాట ఒప్పుకోవాలి. 1988లో నేను తెనాలిలో ఇంటర్ చదువుతున్నాను. యారోహెడ్ అంటే ఏంటో కూడా తెలీదు. నేను చూసింది రికార్డింగే, అదీ చాలా ఏళ్ల తర్వాత. ఈ విషయంలో చాలామంది పరిస్థితి నాలాంటిదే. ఇప్పుడు మేడిసన్ స్కౌట్స్ వేషం వేసుకునే పంతొమ్మిదేళ్ల పిల్లల పరిస్థితీ అదే.

90లలో కూడా ఈ జట్టు ముందు వరసలోనే తిరిగింది. ఆ తర్వాత జారటం మొదలైంది. ఫైనల్స్‌కి పన్నెండు జట్లు వెళతాయి. 2018లో, 2019లో ఆ పన్నెండులో మేడిసన్ లేదు. ఎందుకిలా అంటే వెంటనే దొరికే జవాబు, జడ్జీలు మారిపోయారు. పూర్వసభ్యులెవరైనా కాఫీ తాగుతూ చెప్పేది ఇదే. అందులో నిజం ఉంది, నేను కాదనను. 1983 దాకా జడ్జీలు మైదానంలో పిల్లల మధ్య తిరుగుతూ, తప్పు వినపడితే మార్కులో పదోవంతు చొప్పున కోసేవాళ్లు. ఆ తర్వాత కోతలు పోయి, చేసినదానికి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు నూటికి 30 సంగీతానికి, 30 కదలికలకి, మిగతా 40 'జనరల్ ఎఫెక్ట్'కి, అంటే షో మొత్తం మనిషి మీద చూపే ప్రభావానికి.

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. నూటికి నలభై మార్కులు ప్రభావానికే ఇస్తుంటే, ప్రభావమే తన ఆస్తి అయిన జట్టు ఎందుకు వెనకబడాలి? ఎందుకంటే కాగితం మీద ప్రభావం అంటే జనం లేచి అరవటం ఒక్కటే కాదు. షోకి ఒక ఆలోచన ఉందా, అది మొదటి అడుగు నుంచి చివరి దాకా అల్లుకుందా, రంగులూ కదలికా సంగీతమూ ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తారు. దీనికి శీతాకాలం మొత్తం కూర్చుని పథకం వేసే డిజైనర్లు కావాలి. 2000లో ఏ శ్రుతి ఇత్తడి వాద్యమైనా తెచ్చుకోవచ్చన్నారు, 2004లో మైకులొచ్చాయి, 2009లో ఎలక్ట్రానిక్ కీబోర్డులొచ్చాయి. 2009 నుంచే ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లో కప్పున్న స్టేడియంలోకి మారాయి. ఆకాశం కింద ఎదురుగా నిలబడి ఊదటమే ఆయుధంగా ఉన్నవాడికి ఈ ఒక్కో మార్పూ ఒక్కో మెట్టు దిగటమే.

కానీ ఇది సగం జవాబే. ఇవే రూల్స్ అందరికీ ఉన్నాయి కదా. బాస్టన్ క్రూసేడర్స్ సంగతి చూడండి. 1940లో పుట్టిన జట్టు, 1999 దాకా ఒక్కసారి కూడా ఫైనల్స్ ముఖం చూడలేదు. 2025లో ఛాంపియన్ అయింది. వాళ్లని ఎవరూ 'ఒకప్పటిలా చేయండి' అని అడగలేదు. అడగటానికి ఒకప్పుడంటూ ఉండాలిగా.

నేను నమ్మేది ఇది. బ్లూ డెవిల్స్ పేరు ఒక పద్ధతి మీద నిలబడింది. ఇలా ఊపిరి పట్టాలి, ఇలా అడుగు వేయాలి, ఇలా షో అల్లాలి అని. పద్ధతి అయితే పాతవాళ్లు కొత్తవాళ్లకి నేర్పొచ్చు. మేడిసన్ పేరు నిలబడింది ఒక అనుభవం మీద. దాన్ని ఎలా నేర్పుతారు? అందులో సగం పాలు ఆశ్చర్యానిది. 1988లో జనం లేచి నిలబడింది, వస్తుందని అనుకోనిది వచ్చి మీద పడ్డందుకు. అదే వస్తుందని ముందే తెలిసి, వీడియో ఇరవైసార్లు చూసి, టికెట్టు కొని, చేతులు కట్టుకుని కూర్చున్నవాడిని ఏం చేసి లేపుతారు? బాగా వాయిస్తే 'పాతదాని అంత లేదు' అంటాడు. కొత్తది చేస్తే 'ఇది మేడిసనేనా' అంటాడు.

ఇంకో తమాషా. ఇరవై ఒకటి దాటితే బయటికే అన్నాను కదా. అంటే ఆరేడేళ్లు గడిచేసరికి మైదానంలో పాత మొహం ఒక్కటి కూడా మిగలదు. జ్ఞాపకమంతా మెట్ల మీద ఉంటుంది. పోగొట్టుకున్నవాళ్లు పైన కూర్చుని ఉంటారు, వెతికి తెమ్మనేది కింద ఉన్న పిల్లల్ని. 2006లో ఫైనల్స్ మేడిసన్ ఊళ్లోనే జరిగాయి. అప్పుడు పూర్వసభ్యులు మళ్లీ ఒక జట్టుగా చేరి, ప్రాక్టీస్ చేసి, జుట్టు నెరిసిన తలలతో మైదానంలోకి దిగారు. పాతది పాతగా కావాలంటే అదే సరైన దారి అని నా అభిప్రాయం. ఎవరి పాట వాళ్లు పాడుకున్నారు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. నూట యాభైమందికి పైగా పిల్లల్ని రెండున్నర నెలలు తిప్పి, మూడు పూటలా తిండి పెట్టాలి, డీజిల్ పోయాలి. కాలిఫోర్నియా జట్లు బింగో ఆట హాళ్లు నడుపుకుని ఆ డబ్బుతో బతికాయి. అలా బతికిన శాంటా క్లారా వాన్‌గార్డ్ కూడా 2023లో ఏడాది పాటు ఆగిపోయింది. పది కప్పులు గెలిచిన క్యాడెట్స్ అయితే 2024లో మూతబడింది, దాని కథలో కోర్టు కేసులు కూడా ఉన్నాయి. 70లలో దేశంలో వందల జట్లుండేవి, ఇప్పుడు డజన్లలో లెక్క. ఊళ్లో జట్టుందని చేరే రోజులు పోయాయి. బాగా వాయించే కుర్రాడు టెక్సస్‌లో ఉన్నా విమానం ఎక్కి, గెలిచే జట్టు ఆడిషన్‌కి వెళతాడు. మంచి టీచర్లూ అటే వెళతారు. ఒకసారి పన్నెండులోంచి జారితే మళ్లీ పైకి రావటం ఎంత కష్టమో మన చిట్టీల సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఒక్క సభ్యుడు మానేస్తే మిగతావాళ్లు కూడా గుమ్మం వైపు చూస్తారు.

మేడిసన్ 2019 దాకా మగపిల్లల జట్టే. తర్వాత అందరికీ తలుపులు తెరిచారు. పాతవాళ్లలో కొందరికి ఇది మింగుడుపడలేదు, ఆ అన్నదమ్ముల బంధమే మా ఊపు అనేవాళ్లున్నారు. నేనైతే ఒప్పుకోను. బ్యూగిల్ ఊదటానికి కావాల్సింది ఊపిరితిత్తులు.

మా అమ్మాయి హైస్కూల్ బ్యాండ్‌లో మెలోఫోన్ అనే ఇత్తడి వాద్యం వాయిస్తుంది. తనకి ఒకరోజు 1988 వీడియో చూపించాను. నేను మొహం వెలిగిపోతూ పక్కన కూర్చున్నాను. అంతా చూసి, "సౌండ్ బాగుంది నాన్నా, కానీ వీళ్లు ఇంత తక్కువ కదులుతారేంటి?" అంది. నిజమే మరి. ఇప్పటి పిల్లలు పరిగెత్తుతూ, దొర్లుతూ, డాన్స్ చేస్తూ వాయిస్తారు. దాని కళ్లకి అప్పటివాళ్లు రెస్టు తీసుకుంటున్నట్టు ఉన్నారు. తర్వాత అది తన ఫోన్ తీసి, 2014లో బ్లూకోట్స్ అనే ఒహాయో జట్టు షో పెట్టింది. ఒకచోట ఇత్తడి వాద్యాలూ ఎలక్ట్రానిక్ స్వరమూ కలిసి ఒక శ్రుతిలోంచి ఇంకో శ్రుతిలోకి మెల్లగా వంగుతాయి, నేల పక్కకి ఒరిగినట్టు. అక్కడ స్టేడియం మొత్తం కేకలు పెట్టింది. అమ్మాయి చెయ్యి చాపి చూపించింది, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు. సరే, కొంచెం అనిపించింది.

కిందటి వేసవిలో విస్కాన్సిన్‌లో ఒక షోకి వెళ్లాం. నేను లోపలికి తొందరగా వెళ్లను. అసలు మజా పార్కింగ్ లాట్‌లో ఉంటుంది, జట్లు వార్మప్ అక్కడే చేస్తాయి, స్నేర్ డ్రమ్ముకి రెండు గజాల దూరంలో నిలబడి వినొచ్చు. మేడిసన్ వాళ్లు అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. వాద్యాలు కింద పెట్టి, వాళ్ల జట్టు పాట 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' ఎత్తుకున్నారు, గొంతులతోనే. వెనకాల వెలిసిపోయిన ఆకుపచ్చ టీషర్టుల్లో నలుగురైదుగురు పెద్దవాళ్లు, అరవై దాటి ఉంటారు, కళ్లు మూసుకుని కలిపి పాడుతున్నారు. పిల్లలు మాత్రం కళ్లు తెరుచుకుని ఎదురుగా నిలబడి జట్టుని నడిపించే డ్రమ్ మేజర్‌ని చూస్తున్నారు. వాళ్ల మధ్యలో ఒక అమ్మాయి, మా అమ్మాయి కన్నా రెండేళ్లు పెద్దదేమో, ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. పాట అవగానే పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ పిల్ల కిందికి వంగి, బూటు లేసు బిగించి కట్టి, పైన టేపు చుట్టుకోవటం మొదలుపెట్టింది. ఇంకో ఇరవై నిమిషాల్లో వాళ్ల వంతు.