పిల్లల సినిమాలో పాప్ పాట ఎవరి కోసం? స్టూడియో చర్చ పూర్తి పాఠం

చర్చలో పాల్గొన్నవారు: నేపథ్య సంగీత దర్శకుడు, మ్యూజిక్ ఎడిటర్, సంగీత హక్కుల లాయర్, డబ్బింగ్ పాటల రచయిత్రి. మాటలను కత్తిరించకుండా, మాట్లాడిన వరసలోనే ఇస్తున్నాం.

సమన్వయకర్త: నమస్కారం. వేసవి సెలవులొచ్చాయి, పిల్లల సినిమాలొచ్చాయి, వాటి వెంటే పాత గొడవా వచ్చింది. 2023లో ‘ది సూపర్ మారియో బ్రదర్స్ మూవీ’ విడుదలైనప్పుడు అభిమానులు గట్టిగానే అడిగారు. 1985 నుంచి ప్రపంచమంతా కూనిరాగాలు తీస్తున్న, మారియో వీడియో గేమ్‌లోని కోజీ కొండో బాణీలు చేతిలో పెట్టుకుని ‘టేక్ ఆన్ మీ’, ‘థండర్‌స్ట్రక్’, ‘హోల్డింగ్ అవుట్ ఫర్ ఎ హీరో’ లాంటి పాత హిట్ పాటలు ఎందుకు వాడారని. ఆ తర్వాత ఏ పిల్లల కామెడీ ట్రైలర్ వచ్చినా అదే ప్రశ్న. సూటిగా అడుగుతున్నాను. ఈ పాటలు పిల్లల కోసమా, టికెట్ కొనే నాన్న కోసమా?

సంగీత దర్శకుడు: ఇద్దరి కోసమూ కాదండీ. సినిమా తీసేవాళ్ల బద్ధకం కోసం.

మ్యూజిక్ ఎడిటర్: అదేం మాటండీ, మొదట్లోనే...

సంగీత దర్శకుడు: చెప్పనివ్వండి. యానిమేషన్‌లో ముందు స్టోరీ రీల్ కడతారు. గీసిన బొమ్మలు వరసగా పేర్చి, ఆఫీసులో ఎవరో ఒకరి గొంతుతో డైలాగులు చెప్పించి లోపల వేసి చూస్తారు. సినిమా విడుదలకు రెండు, మూడేళ్ల ముందు మాట. అప్పటికి సంగీతం ఉండదు. చప్పగా ఉందని, అందరికీ తెలిసిన పాప్ పాట ఒకటి తెచ్చి అతికిస్తారు. గదిలో అందరూ నవ్వుతారు. ఆ నవ్వు బొమ్మది కాదు, పాటది. కానీ అందరూ సీన్ పండిందనుకుంటారు. ఆ రీల్‌ని ఎన్నిసార్లు వేసినా అదే పాట. మమ్మల్ని పిలిచేసరికి యానిమేటర్లు ఆ పాట మీదే నడకలు, తలూపుళ్లు కట్టేసి ఉంటారు. ఇంక నేనేం రాయాలి?

సమన్వయకర్త: మరి ఆ గదిలో నవ్వేది నలభై ఏళ్లవాళ్లే కదా? అంటే నాన్నలే!

సంగీత దర్శకుడు: బ్రయన్ టైలర్ చేసిన మారియో ఆల్బమ్ వినండి. ‘డ్రైవింగ్ మీ బనానాస్’ అని ఒక ట్రాక్ ఉంటుంది. డాంకీ కాంగ్ వీడియో గేమ్ బాణీ మీద అల్లిన హుషారైన ముక్క. సినిమాలో ఆ చోట వినిపించేది ‘టేక్ ఆన్ మీ’. అంటే రాయించారు, వాయించారు, పక్కన పెట్టారు.

మ్యూజిక్ ఎడిటర్: పక్కన పెట్టడానికి వంద కారణాలుంటాయి సార్. బద్ధకం అనేయడం అన్యాయం. ఆ పాటని బొమ్మ మీద కూర్చోబెట్టడం ఎంత పనో చెప్తాను. సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు), నిమిషానికి 1440. నిమిషానికి 120 బీట్ల పాటైతే బీట్‌కి 12 ఫ్రేములు, 144 అయితే 10, 160 అయితే 9. ఇవి మాకు పండగ. ‘ఆల్ స్టార్’ పాట లాంటిది 104 బీట్లు. బీట్‌కి 13.85 ఫ్రేములు. ఫ్రేముని ముక్క చేయలేం కదా! ప్రతి కట్టూ, అంటే షాట్ మార్పు, 14 దగ్గర వేసుకుంటూ పోతే పదహారు బీట్లు తిరిగేసరికి బొమ్మ రెండున్నర ఫ్రేములు వెనకబడుతుంది. చూసేవాళ్లకి కారణం తెలియదు గానీ జోకు పేలదు. అందుకే పదమూడు బీట్లకి 180 ఫ్రేములని లెక్క కట్టుకుని, పదకొండు కట్లు 14, రెండు కట్లు 13 వేస్తాం. ఆ రెండు పొట్టి కట్లు ఎక్కడ దాచాలన్నదే పనితనం. పాత రికార్డింగులతో ఇంకో తంటా. క్లిక్ (చెవిలో తాళం కొట్టే శబ్దం) లేకుండా వాయించినవైతే డ్రమ్మర్ కోరస్‌లో కాస్త ముందుకెళ్తాడు. అప్పుడు లెక్క చాలదు, బీట్ బీట్‌కీ చేత్తో గుర్తు పెట్టుకోవాలి.

సంగీత దర్శకుడు: చూశారా! పాటకి బొమ్మని లొంగదీస్తున్నారు. నేను రాస్తే బొమ్మకి సంగీతం లొంగుతుంది. పిల్లి జారిపడే చోట నేను రెండు ఫ్రేములు ఆగుతాను. రికార్డు ఆగదు.

మ్యూజిక్ ఎడిటర్: ఆపగలం సార్. బార్ (తాళం ఒక చుట్టు) మధ్యలో కోసి...

సంగీత దర్శకుడు: కోస్తే వినిపిస్తుంది!

సమన్వయకర్త: లాయర్ గారూ, మీరు చెప్పండి. ఈ పాటలకి లక్షల డాలర్లు పోస్తున్నారంటే ఎవరి జేబు చూసి? నాన్న జేబే కదా?

లాయర్: జేబు సంగతి తర్వాత. ముందు ఎన్ని తలుపులు కొట్టాలో చూడండి. ఒక పాటకి రెండు హక్కులు. బాణీ, సాహిత్యం పబ్లిషర్ (పాట రాసినవాళ్ల హక్కులు చూసే కంపెనీ) దగ్గర ఉంటాయి. దానికి సింక్ లైసెన్స్. పాడి రికార్డు చేసిన టేపు లేబుల్ (రికార్డు కంపెనీ) దగ్గర ఉంటుంది. దానికి మాస్టర్ లైసెన్స్. రెండూ ఉంటేనే పాట సినిమాలోకి వస్తుంది. అడిగేటప్పుడు సీన్‌లో ఏం జరుగుతోంది, పాట ఎన్ని సెకన్లు, వెనక వినిపిస్తుందా, పాత్ర నోటితో పాడుతుందా, చివరి టైటిల్స్ మీదా, ఏయే దేశాలు, థియేటరా ఓటీటీయా, ఎంత కాలం, అన్నీ రాయాలి. ట్రైలర్‌కి విడిగా అడగాలి. చాలామంది మర్చిపోయేది అదే. ఇద్దరి కాగితాల్లోనూ సాధారణంగా ఒక షరతు పెడతారు, అవతలివాళ్లకి ఎంత ఇస్తే మాకూ అంతే అని. లేబుల్‌తో బేరమాడి పెంచితే పబ్లిషర్‌కీ పెరుగుతుంది. పాట నలుగురు రాస్తే నలుగురి పబ్లిషర్లూ సరే అనాలి. అయిదు శాతం వాటా ఉన్నాయన వద్దన్నా పాట పోయినట్టే.

సమన్వయకర్త: ఏడు సెకన్ల వరకు ఫ్రీ అంటారు కదా?

లాయర్: అలాంటి నియమం అమెరికాలోనూ లేదు, మన 1957 కాపీరైట్ చట్టంలోనూ లేదు. మన షార్ట్ ఫిల్ములవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ భ్రమతోనే. ఇంకోటి, అయిదేళ్లు దాటిన పాటకి కవర్ చేసుకోవచ్చని, అంటే వేరేవాళ్లతో మళ్లీ పాడించుకోవచ్చని, 31సి సెక్షన్ చూపిస్తారు. అది సౌండ్ రికార్డింగ్ వరకే. సినిమాలో బొమ్మ మీద వేయడానికి పనికిరాదు.

సంగీత దర్శకుడు: కవర్ మాట వచ్చింది కాబట్టి...

డబ్బింగ్ రచయిత్రి: నేనొక్కటి చెప్పాలి. ఇక్కడ తెలుగు పిల్లలు...

సంగీత దర్శకుడు: ఒక్క క్షణం మేడమ్, ఇది పూర్తి చేస్తాను. 2001లో ‘ష్రెక్’. చివర్లో ‘ఐయామ్ ఎ బిలీవర్’. నీల్ డైమండ్ రాసింది, 1966లో మంకీస్ బ్యాండ్ పాడింది. సినిమాలో స్మాష్ మౌత్ బ్యాండ్‌తో మళ్లీ పాడించారు. ఎందుకు? పాత మాస్టర్ డబ్బు తప్పుతుంది, కొత్త మాస్టర్ చేతికొస్తుంది. అదే సినిమాలో ‘హల్లెలూయా’. లెనార్డ్ కోహెన్ 1984 పాట, పెద్దల పాట. పిల్లలకి పనికిరాని చరణాలు తీసేసి వాడారు. సినిమాలో పాడింది జాన్ కేల్. అదే ఆల్బమ్ కొంటే అందులో రూఫస్ వెయిన్‌రైట్ గొంతు! ఏమనాలి దీన్ని?

లాయర్: వెయిన్‌రైట్ ఆ స్టూడియోవాళ్ల సొంత లేబుల్ గాయకుడు. అందులో వింతేముంది?

సంగీత దర్శకుడు: వింత లేదు, వ్యాపారం ఉంది! నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

సమన్వయకర్త: కోహెన్ పాట అర్థమయ్యేది ఎవరికి? నాన్నకి! నా పాయింటూ అదే.

మ్యూజిక్ ఎడిటర్: ఆ సీన్‌లో ముగ్గురు మూడు చోట్ల దిగులుగా ఉంటారు, మాటల్లేవు. ఆ రెండు నిమిషాలూ ఒకే తాడు మీద నిలబెట్టింది ఆ పాటే. అదే సినిమాకి హ్యారీ గ్రెగ్సన్-విలియమ్స్, జాన్ పవెల్ మంచి స్కోర్ (నేపథ్య సంగీతం) ఇచ్చారు. రెండూ పక్కపక్కనే బతికాయి. మీరు ఒకటే ఉండాలంటున్నారు.

సంగీత దర్శకుడు: ఉండాలనలేదు. బద్ధకం అన్నాను.

మ్యూజిక్ ఎడిటర్: మళ్లీ అదే!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, వినిపించలేదు.)

సమన్వయకర్త: అయ్యా, ఒకరి తర్వాత ఒకరు. మేడమ్, మీరేదో అనబోయారు.

డబ్బింగ్ రచయిత్రి: తెలుగు డబ్బింగ్‌కి మాకు వచ్చేది మాటలు తీసేసిన ట్రాక్, అంటే సంగీతం, సౌండ్లు మాత్రమే. సినిమా కోసమే రాసిన పాటైతే తెలుగులో రాయనిస్తారు. ‘ఫ్రోజెన్ 2’ అలాగే వచ్చింది. కొనుక్కొచ్చిన పాప్ పాట అయితే అనువాదానికి పబ్లిషర్ అనుమతి మళ్లీ కావాలి. కాబట్టి ఇంగ్లీషులోనే వదిలేస్తారు. పాట మాటల్లోనే జోకు ఉంటే మన పిల్లలకి అది లేనట్టే. అనుమతి ఉన్నా రాయడం తేలిక కాదు. ఇంగ్లీషు లైను హల్లుతో టక్కున ఆగుతుంది, డ్రమ్ కూడా అక్కడే పడుతుంది. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు చివర మిగిలిపోయి బీట్ దాటి వేలాడుతుంది. అందుకని ‘ఛల్’, ‘ధూమ్’, ‘కిక్’ లాంటివి తెచ్చి పెడతాం, లేకపోతే ఆ చివరి అచ్చు ముందు బీట్‌కే వచ్చేలా పదాలు తిప్పుతాం. పాత్ర నోరు దగ్గరగా కనిపిస్తే పెదాలు మూసుకున్న చోట ప, బ, మ పడాలి. గురువు, అంటే సాగే అక్షరం, వచ్చిన చోట నోరు తెరిచి ఉండాలి...

సంగీత దర్శకుడు: అంటే పాప్ పాట తెలుగు పిల్లలకి చేరదన్నమాట. చాలు, కేసు తేలిపోయింది.

డబ్బింగ్ రచయిత్రి: అది కాదు నేనంటున్నది. మినియన్లనే బుల్లి పాత్రల సంగతి తీసుకోండి. ‘డెస్పికబుల్ మీ 2’లో ‘ఐ స్వేర్’ అనే ప్రేమపాటని ‘అండర్‌వేర్’ అని పాడతాయి. దర్శకుడు పియేర్ కాఫిన్ గొంతే. ఏ భాషలో చూసినా ఆ గోల అదే, డబ్బింగ్ అక్కర్లేదు. అసలు పాట తెలియని పిల్లాడు కూడా నవ్వుతాడు. ఎందుకంటే...

సమన్వయకర్త: కానీ ‘ఐ స్వేర్’ గుర్తుపట్టి పక్కనవాళ్లని మోచేత్తో పొడిచేది నాన్నే కదండీ?

డబ్బింగ్ రచయిత్రి: ఎందుకంటే పాడే తీరులోనే జోకు ఉంది, అని చెప్పబోయాను.

లాయర్: అలా మాటలు మార్చాలన్నా పబ్లిషర్ సంతకం ఉండాలి. మినియన్ భాషైనా సరే.

సంగీత దర్శకుడు: తీరు అన్నారు కాబట్టి, గొంతుతో నవ్వించడం 1958లోనే చేశారు, చిప్‌మంక్స్ అనే బొమ్మ ఉడతల పాటలో. టేపు సగం వేగంతో తిప్పి నెమ్మదిగా పాడించి, మామూలు వేగంతో వేస్తే గొంతు సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకెళ్తుంది. పాడేవాళ్లు హల్లుల్ని సాగదీసి పలకాలి, లేకపోతే మాట అర్థం కాదు. దానికి కొన్న పాట అక్కర్లేదు!

మ్యూజిక్ ఎడిటర్: 2007లో వాళ్ల సినిమా వచ్చినప్పుడు అందులో పాప్ కవర్లూ పెట్టారు సార్.

సంగీత దర్శకుడు: అందుకే చెడింది.

సమన్వయకర్త: చిన్న విరామం. తర్వాత నాన్నల జేబు గురించి తేలుద్దాం.

(విరామం తర్వాత)

సమన్వయకర్త: మళ్లీ స్వాగతం. ‘క్యాంట్ స్టాప్ ద ఫీలింగ్’ పాట 2016 మేలో వచ్చింది, ‘ట్రోల్స్’ సినిమా నవంబరులో. ఆరు నెలలు రేడియో మోగించి, తర్వాత టికెట్ అమ్మడం. పాట సినిమాకా, సినిమా పాటకా?

లాయర్: సినిమా కోసం రాయించిన పాటలో సాధారణంగా స్టూడియోకి వాటా ఉంటుంది. కొన్న పాటలో అద్దె మాత్రమే. అందుకే ఇప్పుడు రెండూ కలిపి వాడుతున్నారు. 2013లో ‘డెస్పికబుల్ మీ 2’ పాట ‘హ్యాపీ’ కూడా అలాంటిదే, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మారియోలో జాక్ బ్లాక్ పాడిన ‘పీచెస్’ కూడా కొత్త పాటే, పిల్లలు ఎగబడి విన్నది దాన్నే.

సంగీత దర్శకుడు: మీరే ఒప్పుకున్నారు! సినిమాలోంచి పుట్టిన పాటే పిల్లలు పట్టుకున్నారు. అదే సినిమాలో డాంకీ కాంగ్ గేమ్ పాట ‘డీకే ర్యాప్’ వాడి, దాన్ని కట్టిన గ్రాంట్ కర్క్‌హోప్ పేరు టైటిల్స్‌లో వేయలేదు. అద్దె పాటలకి మాత్రం రాసినవాళ్ల పేర్లు వరసగా పడతాయి.

లాయర్: అది వేరే విషయం. కంపెనీకి పనిచేసి ఇచ్చిన సంగీతం హక్కు కంపెనీదే. పేరు వేయాల్సిన బాధ్యత ఒప్పందంలో ఉంటేనే...

సంగీత దర్శకుడు: ఒప్పందం సంగతి కాదండీ, మర్యాద సంగతి.

మ్యూజిక్ ఎడిటర్: మనం దారి తప్పుతున్నాం. మిక్సింగ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అసలు తంటా అక్కడే. పాత పాటకి చాలాసార్లు విడి ట్రాకులు దొరకవు, రెండు చానెళ్ల స్టీరియోనే. గాయకుడి గొంతు, పాత్ర డైలాగు, రెండింటి స్పష్టతా దాదాపు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే. ఒకదాన్ని ఇంకోటి మింగేస్తుంది. అందుకే డైలాగుని పాటలో వాద్యాలు మాత్రమే ఉన్న చోటికి జరుపుతాం, లేదా పాటని రెండు పక్కల స్పీకర్లకి తోసి మధ్య స్పీకర్ డైలాగుకి వదులుతాం. అయినా స్టీరియోలో గొంతు మధ్యలోంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. పిల్లలకి జోకు వినబడలేదంటే కారణం ఎక్కువగా ఇదే.

సంగీత దర్శకుడు: నా స్కోర్‌లో గొంతే ఉండదు కదా! సమస్యే లేదు.

మ్యూజిక్ ఎడిటర్: కొమ్ము వాయిద్యాలు ఫుల్‌గా వేస్తే మీదీ మింగుతుంది సార్.

సమన్వయకర్త: చివరి ప్రశ్న. యానిమేషన్ అయిపోయాక హక్కు దొరకలేదంటే?

మ్యూజిక్ ఎడిటర్: అదే బీట్ల పాట ఇంకోటి వెతకాలి. రెండు మూడు శాతం తేడా ఉంటే సాగదీయొచ్చు, దాటితే గొంతు వణికినట్టు వినిపిస్తుంది. అదీ కుదరకపోతే...

సంగీత దర్శకుడు: అప్పుడు మాకు ఫోన్ చేస్తారు! పది రోజుల్లో అదే వేగంతో, అలాంటిదే ఒకటి కావాలి, కానీ అది కాకూడదు అంటారు. మరీ దగ్గరగా రాస్తే కేసు, దూరంగా రాస్తే దర్శకుడికి నచ్చదు. అయినా రాస్తాం. అప్పుడు గుర్తొస్తాం.

డబ్బింగ్ రచయిత్రి: మన దగ్గర పిల్లల కామెడీలకి ఒక్క సొంత పాటైనా ఎందుకు రాయించుకోరు, దాని మీద ఒక్క నిమిషం...

సమన్వయకర్త: మేడమ్, టైమ్ లేదు, క్షమించండి. సార్, మీరు పది సెకన్లలో ముగించండి.

సంగీత దర్శకుడు: స్టోరీ రీల్ మొదటిసారి వేసే రోజే సంగీత దర్శకుణ్ని గదిలో కూర్చోబెట్టండి. అద్దె పాట అవసరమో కాదో అక్కడే తేలుతుంది.

మ్యూజిక్ ఎడిటర్: అప్పటికి మీకు జీతం ఎవరిస్తారు సార్? బడ్జెట్‌లో ఆ లైనే ఉండదు.

సంగీత దర్శకుడు: పాటకి పోసే డబ్బులోంచి!

సమన్వయకర్త: అంటే నాన్న డబ్బులోంచే! నమస్కారం.