సిబిల్ బాగోలేదన్నారా? ఏది బాగోలేదో అడగండి

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లల చదువు అప్పు కోసం బ్యాంకుకు వెళ్లిన తల్లిదండ్రులు చాలామంది ఒకే ఒక్క మాట విని వెనక్కి వచ్చేస్తారు. 'మీ సిబిల్ బాగోలేదండీ.' అంతే. కాగితాలు మళ్లీ కవర్లో పెట్టుకుంటారు. పక్కన పిల్ల కూర్చుని ఉంటుంది, ఆ పిల్ల ముందు ఇంకో మాట అడగడానికి నోరు రాదు. ఆ అడగని మాట గురించే ఇవాళ మాట్లాడుకుందాం. ఏది బాగోలేదు? ఈ ఒక్క ప్రశ్న అడగాలి.

సిబిల్ స్కోరంటే మన పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే, 300 నుంచి 900 దాకా ఉండే ఒక అంకె. 612 అని చెబితే మనకు ఏం అర్థమవుతుంది? ఆ అంకె వెనక ఒక రిపోర్టు ఉంటుంది. ఏ బాకీ, ఏ నెలలో, ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఇలాంటి రిపోర్టులు ఇచ్చే సంస్థలు మన దేశంలో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. పాన్ నంబరు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ దగ్గర ఉంచుకుంటే పని మొదలుపెట్టవచ్చు. డబ్బు కట్టే ప్లాన్లు కంటికి ముందు కనిపిస్తాయి, తొందరపడి కట్టేయకండి, ఉచిత రిపోర్టు ఎక్కడుందో వెతకండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందని కొందరు భయపడతారు. తగ్గదు.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు. తండ్రి షాపు చూసుకుంటారు, తల్లి ఇంట్లో బ్లౌజులు కుడతారు. అమ్మాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటింది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. బ్యాంకుకు వెళ్తే తండ్రి స్కోరు 612 అన్నారు. ఏది బాగోలేదు? రిపోర్టు తీసి ముందు పెట్టుకుందాం.

ప్రతి అప్పుకూ ఒక భాగం ఉంటుంది. దాని కింద నెలకొకటి చొప్పున చిన్న చిన్న గళ్లు. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల వాయిదా సకాలంలో కట్టినట్టు. 030 అని ఉంటే ముప్పై రోజులు ఆలస్యమైనట్టు. 090 దాకా వెళ్లిందంటే మూడు నెలలు కట్టలేదన్నమాట. ఈ తండ్రి బండి అప్పు గళ్లన్నీ సున్నాలే. మరి ఎక్కడ తేడా?

రెండో భాగం క్రెడిట్ కార్డు. షాపు మూసుకున్న రోజుల్లో కార్డు బాకీ 18,400 రూపాయలు నిలిచిపోయింది. బాకీ వసూలు చేసే ఏజెంటు ఫోన్ చేసి, ఏడు వేలు కట్టేయండి సార్, ఫైలు మూసేస్తాం అన్నాడు. ఆయన కట్టేశారు. పీడా పోయిందనుకున్నారు. రిపోర్టులో మాత్రం 'సెటిల్డ్' అని పడింది. ఇక్కడ నేను కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మంచివాళ్లు మంచి మనసుతోనే ఇక్కడ పడిపోతారు. 'సెటిల్డ్' వేరు, 'క్లోజ్డ్' వేరు. క్లోజ్డ్ అంటే బాకీ మొత్తం తీరింది. సెటిల్డ్ అంటే బ్యాంకు 11,400 రూపాయలు వదులుకుంది. తర్వాత అప్పు ఇచ్చే ప్రతి బ్యాంకూ ఆ మాటను 'ఈయన పూర్తిగా కట్టలేదు' అనే చదువుతుంది. మళ్లీ చెబుతున్నాను: సెటిల్డ్ వేరు, క్లోజ్డ్ వేరు.

దీన్ని బాగుచేయడానికి దారి ఉంది. కార్డు ఇచ్చిన బ్యాంకుకే రాతపూర్వకంగా అడగాలి: మిగిలిన మొత్తం కడతాను, ఖాతాను క్లోజ్డ్‌గా మార్చండి అని. ఎంత కట్టాలో వాళ్ల నుంచి కాగితం మీదో ఈమెయిల్లోనో వచ్చాకే కట్టాలి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వవద్దు, ఏజెంటు సొంత ఫోన్ నంబరుకూ పంపవద్దు. డబ్బు ఖాతాలోకే వెళ్లాలి. కట్టాక, ఇక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, తీసుకుని అక్కడే నిలబడి చదవండి. ఖాతా నంబరు ఉందా? తేదీ ఉందా? 'బాకీ మొత్తం చెల్లించారు' అని ఉందా, లేక 'సెటిల్‌మెంట్ మొత్తం అందింది' అని ఉందా? రెండోది ఉంటే మన పని కానట్టే.

పాత ఆలస్యాల గళ్లు ఒక్కరోజులో చెరిగిపోవు, అవి అలాగే కొంతకాలం కనిపిస్తాయి. డబ్బిస్తే స్కోరు పెంచేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. మన బాకీ నిజమైతే రిపోర్టులోంచి దాన్ని ఎవరూ తీసేయలేరు.

మూడో భాగమే ఈ ఇంట్లో అసలు దెబ్బ. పక్క షాపాయన అప్పుకు ఈయన జామీను సంతకం పెట్టారు. మన వైపు స్నేహానికి ఇలాంటి సంతకాలు చాలా పెడతాం. పెట్టి మరిచిపోతాం. రిపోర్టు మరిచిపోదు. ఆ అప్పు ఈయన పేరు కింద 'గ్యారంటర్' అనే మాటతో ఉంది, నాలుగు నెలలుగా వాయిదాలు లేవు. ఈయన తన బండి వాయిదా ఒక్కటీ తప్పలేదు, అయినా స్కోరు పడింది. అలాంటప్పుడు పక్క షాపాయనతో కూర్చుని, మొహమాటం లేకుండా ఆ నాలుగు వాయిదాలూ కట్టించాలి. పిల్ల చదువు ఆగిపోతోందని చెబితే చాలామంది కరుగుతారు.

నాలుగోది, ఎంక్వైరీలు. అప్పు కోసం దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ బ్యాంకు రిపోర్టు అడుగుతుంది, అది నమోదవుతుంది. ఈ తండ్రి కంగారులో ఒకే వారంలో అయిదు చోట్ల దరఖాస్తు పెట్టారు, అందులో రెండు ఫోన్‌లో కనబడిన లోన్ యాప్‌లు. ఈయనకు డబ్బుకు బాగా ఇబ్బందిగా ఉందని రిపోర్టే చాటినట్టయింది. ముందు సరిచేసుకోండి, ఆ తర్వాతే దరఖాస్తు, అదీ ఆచితూచి.

రిపోర్టులో మనది కాని అప్పే ఉంటే? తీరిపోయిన అప్పు ఇంకా బాకీగా కనబడుతుంటే? ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థకు ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఈ 30 రోజుల లెక్క మనసులో పెట్టుకోండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక రిపోర్టు తీస్తే ఆలస్యమైపోతుంది. పిల్ల ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, సంక్రాంతి సెలవుల్లో తీయండి.

ఇక అప్పు సంగతి. నాలుగు లక్షల లోపు చదువు అప్పుకు బ్యాంకులు తాకట్టు అడగకూడదు. ప్రభుత్వ హామీ ఉండే క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. దాని జాబితాలో ఉన్న సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే తాకట్టూ, జామీనూ లేకుండా అప్పు ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా అప్పుకు, చదువు కాలంలోనూ ఆ తర్వాత ఏడాదిలోనూ 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆ రాయితీ ఏటా లక్ష మంది విద్యార్థులకే. కేంద్ర విద్యాసంస్థలు ఆ జాబితాలోకి వస్తాయి కాబట్టి మన విశాఖ ఐఐఎం ఉంటుంది. మీ పిల్ల కాలేజీ ఉందో లేదో ఆ పథకం పోర్టల్లో చూసుకోండి, జాబితా ఏటా మారుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. జామీను అక్కర్లేదంటే సహ రుణగ్రహీత అక్కర్లేదని కాదు. తండ్రో తల్లో కలిసి సంతకం పెట్టాల్సిందే.

తండ్రో తల్లో! మన ఇళ్లలో ఇది అలవాటుగా తండ్రి సంతకమైపోతుంది. ఈ ఇంట్లో తల్లి పేరు మీద ఒక్క బంగారం అప్పు, అదీ సకాలంలో విడిపించుకున్నది. ఆవిడ రిపోర్టు శుభ్రంగా ఉంది. ఆవిడ సంతకంతో దరఖాస్తు ఎందుకు పెట్టకూడదు? బ్లౌజుల మీద వచ్చే ఆదాయం బ్యాంకు ఖాతాలో జమ అవుతుంటే బలం ఇంకా పెరుగుతుంది. ఉద్యోగం చేస్తున్న అన్నయ్యను గానీ మేనమామను గానీ కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, అడిగి చూడండి.

స్కోరు లేదని పిల్లను తిప్పి పంపితే మాత్రం అది సరికాదు. ఎప్పుడూ అప్పు తీసుకోని పిల్లకు స్కోరు ఎక్కడి నుంచి వస్తుంది? మొదటిసారి అప్పు అడిగేవాళ్లను అప్పుల చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. తల్లిదండ్రుల స్కోరు బాగోలేదన్న కారణంతో చదువు అప్పు నిరాకరించడం సరికాదని, పిల్లలు చదివాక తీర్చగలరా లేదా అన్నదే చూడాలని కేరళ హైకోర్టు 2020లో తీర్పు ఇచ్చింది. అది కేరళ తీర్పు, మన మేనేజరు గారు వెంటనే తలూపుతారని చెప్పను. అయినా మీ ఉత్తరంలో ఒక వాక్యంగా రాయండి.

బ్యాంకు కుదరలేదని వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తేముందు ఒక లెక్క వినండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, చదువయ్యాక ఇంకో ఏడాది ఆగి కట్టడం మొదలుపెట్టారు అనుకుందాం. బ్యాంకు 10 శాతం సాధారణ వడ్డీ వేస్తే అప్పటికి వడ్డీ లక్షా నలభై వేలు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే, అదే కాలానికి అయిదు లక్షల నాలుగు వేలు. అసలు నాలుగు లక్షలే! బ్యాంకు అప్పయితే, మొత్తం 5,40,000 పదేళ్లలో తీర్చడానికి నెలకు సుమారు 7,140 రూపాయలు అవుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల మోయగలిగిన బరువది.

మొదటి ఏడాది ఫీజుకే తక్కువైతే స్కోరుతో పెద్దగా సంబంధం లేని దారులున్నాయి. ఎల్‌ఐసీ పాలసీ మీద అప్పు, ఫిక్సెడ్ డిపాజిట్ మీద అప్పు, ఉద్యోగులైతే పిల్లల చదువు కోసం పీఎఫ్ నుంచి అడ్వాన్సు.

ఇక బ్యాంకుకు వెళ్లే రోజు. సీటు అలాట్‌మెంట్ కాగితం, కాలేజీ ఇచ్చిన నాలుగేళ్ల ఫీజు వివరాలు, మార్కుల జాబితాలు, ఆదాయం కాగితం, వీటితో పాటు మీ రిపోర్టు, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. పైన ఒక చిన్న ఉత్తరం పెట్టండి. ఫలానా కార్డు బాకీ ఫలానా తేదీన పూర్తిగా తీరింది, జామీను ఉన్న అప్పు వాయిదాలు ఫలానా తేదీకి సరిపోయాయి అని రెండు వాక్యాలు చాలు. అయినా అప్పు కుదరదంటే, కారణం కాగితం మీద రాసి ఇవ్వండి సార్ అని మర్యాదగా అడగండి. అది కూడా ఇవ్వకపోతే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, రుసుము లేదు. వివరాలకు ఫోన్ నంబరు 14448. ఆ ఫిర్యాదుకు ఆధారం కావాలి కదా, అందుకే మీరిచ్చిన ఉత్తరం నకలు మీద బ్యాంకు ముద్రా తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి.

నమస్కారం.