మొండి టీబీ, పిల్లల వెన్ను, స్టెరాయిడ్: ముందు ఏది, తర్వాత ఏది

అందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పిల్లల్ని వెంటబెట్టుకుని అమ్మానాన్నలు వచ్చారు. మీకు ముఖ్యంగా ఒక్క మాట: మందులకు లొంగని వెన్ను టీబీలో టీబీ మందులే ముందు, స్టెరాయిడ్ ఎప్పుడూ వాటి తర్వాతే.

అది టీబీ క్రిమిని చంపదు, వాపును తగ్గిస్తుంది. వెన్నుపాము, దాని పొరలు వాచినప్పుడు పనికొస్తుంది. విరిగిన పూస ముక్కో, చీముగడ్డో నొక్కుతుంటే మాత్రం చీము తీయాలి, లేదా ఆపరేషన్ చేయాలి. ఏది నొక్కుతోందో ఎమ్మారై చెప్తుంది.

మందులు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు పిల్లాడి కాళ్లు తడబడ్డాయనుకోండి. వాపేలే అనుకుని స్టెరాయిడ్ ఇస్తే జ్వరం తగ్గుతుంది, బిడ్డ అన్నం తింటాడు, ఇంట్లో అందరూ కుదుటపడతారు. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి మాత్రం లోపల పూసను తినేస్తూనే ఉంటుంది. అందుకే ముందు చీము తీసి సీబీనాట్‌కు, కల్చర్‌కు (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపాలి. రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో తేలుస్తుంది. కల్చర్‌కు ఆరు వారాల దాకా పట్టొచ్చు. చీమును ఫార్మలిన్‌లో వేయొద్దు, క్రిమి చచ్చిపోయి కల్చర్ రాదు. సెలైన్‌లో పంపండి.

మెదడు పొరల టీబీకి పిల్లలకిచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కిలోకు రోజుకు 2 మిల్లీగ్రాములు, రోజుకు మొత్తం 60 మిల్లీగ్రాములు దాటకూడదు. 15 కిలోల పాపకు 30. నాలుగు వారాలిచ్చి, ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. వెన్నుకు ఎంత, ఎన్నాళ్లన్నది డాక్టరే తేల్చాలి. రిఫాంపిసిన్ ఉంటే కాలేయం ప్రెడ్నిసొలోన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. మొండి టీబీలో రిఫాంపిసిన్ ఉండదు కాబట్టి అదే మాత్ర ఎక్కువ బలంగా పనిచేస్తుంది, ముఖం ఉబ్బడం, షుగర్, బీపీ పెరగడం కూడా అంతే. పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేయండి. సొంతంగా ఒక్కసారిగా మానేస్తే బిడ్డ సొమ్మసిల్లవచ్చు.

చాలామంది మర్చిపోయేది పొటాషియం. స్టెరాయిడ్ దాన్ని తగ్గిస్తుంది. బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్ అనే మొండి టీబీ మందులు ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని సాగదీస్తాయి, దాంతో గుండె లయ తప్పవచ్చు. పొటాషియం తగ్గడం, ఈ మందులు రెండూ కలిస్తే ప్రమాదం, వాంతులు విరేచనాలుంటే మరీను. రక్తపరీక్ష, ఈసీజీ రెండూ తప్పనిసరి.

ఇంట్లో చూసుకోవాల్సింది: కింద పడిన పెన్సిల్ తీయమంటే పిల్లాడు నడుము వంచకుండా గొంతుక్కూర్చుని తీస్తాడు. అది వెన్ను నొప్పి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోతే, మూత్రం ఆగిపోతే, అది వెన్నుపాము మీద ఒత్తిడి. తెల్లారేదాకా ఆగొద్దు, తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకురండి. అరికాళ్లు మాత్రమే మండుతుంటే లినెజోలిడ్ అనే మరో మొండి టీబీ మందు వల్ల కావచ్చు, దానికి స్టెరాయిడ్ మందు కాదు, డాక్టరుకు చెప్పాలి.